మామ్మ అద్దెకు తీసుకున్న గది

నిన్న మధ్యాహ్నం మా అమ్మాయి దిండుతో కుస్తీ పట్టి దాన్ని చింపేసింది. నేను గదిలోకి వెళ్ళేసరికి ఫ్యాను గాలికి బూరుగుదూది గదంతా ఎగురుతోంది. కిటికీ ఊచలకీ, పిల్ల జుట్టుకీ, తడి తువ్వాలుకీ అంటుకుని ఉంది. ఎండిన గడ్డిని తలపించే ఆ పొడి వాసన ముక్కుకి తగలగానే, తిట్టడానికి తెరిచిన నోరు అలాగే ఉండిపోయింది. నిలబడింది పెందుర్తిలో మా ఇంట్లోనే. మనసు మాత్రం పాతనగరంలో, పోర్టు వైపు సందులో, ఒక పరుపుల కొట్టు పైనున్న గదికి వెళ్ళిపోయింది. ఆ గదిలో మా మామ్మ సన్యాసమ్మ పంతొమ్మిదేళ్ళు ఒక్కతే ఉంది. అదే ఊళ్ళో భర్తా, కొడుకూ, కోడలూ, సొంత ఇల్లూ ఉండగా.

మామ్మ అంటే మా నాన్న తల్లి. సన్నగా, కాస్త వంగిన నడుముతో ఉండేది. గాజువాకలో మా ఇంట్లో ఆమె కూర్చోగా నేను చూసింది తక్కువ. తాత ఉక్కు కర్మాగారంలో క్రేన్ నడిపేవాడు. ఆయన షిఫ్టులు మారినప్పుడల్లా మామ్మ నిద్ర వేళలూ మారేవి. ఆయన చెడ్డవాడు కాడు. చెయ్యెత్తేవాడు కాడు, తాగేవాడు కాడు. కూర్చున్న చోటి నుంచి "ఏమే" అని పిలిచేవాడు, అంతే. ఆ పిలుపుకి మామ్మ ఏ పనిలో ఉన్నా లేచి వెళ్ళేది.

నాకు పదేళ్ళప్పుడు తాత రిటైరయ్యాడు. షష్టిపూర్తి చేద్దామని నాన్న సరదాపడ్డాడు. ఒక ఆదివారం అందరం భోజనాలకు కూర్చున్నప్పుడు, పెళ్ళిలాగే తాళి కట్టించి, తలంబ్రాలు పోయించి, బంధువులందర్నీ పిలుద్దామని చెప్పి, చివర్లో వడ్డిస్తున్న మామ్మ వైపు తిరిగి, "నీకు సరేనా అమ్మా?" అన్నాడు.

మామ్మ గరిటె గిన్నెలో పెట్టింది. "నిజంగా అడుగుతన్నావా, మాటొరసకి అడుగుతన్నావా?"

నాన్న నవ్వాడు. "నిజంగానే అమ్మా."

"అయితే నానొల్లను."

తాత చేతిలో ముద్ద చేతిలోనే ఉండిపోయింది. మామ్మ గొంతులో కోపం లేదు. "మొదటిసారి నన్నెవులూ అడగనేదురా. పద్నాలుగేళ్ళు నాకు. ఆడుకుంతంటే పిలిసి పీటల మీద కూకోబెట్టీసినారు. ఇప్పుడు అడిగినావు గదా. నానొల్లనంతన్నాను," అంది. తర్వాత తాతకి మజ్జిగ పోసింది.

ఆ మాటని ఎవరూ పట్టించుకోలేదు. ముసల్దానికి సిగ్గు అనుకున్నారు. వచ్చే బంధువుల కోసం కొత్త పరుపులు కుట్టించడానికి అమ్మ మామ్మనీ నన్నూ వెంటబెట్టుకుని పాతనగరం తీసుకెళ్ళింది. ఆ కొట్టు ఫాతిమా బీ అనే ఆవిడది. భర్త పోయాక తానే నడుపుకుంటోంది. అమ్మ గుడ్డ రంగులు చూస్తుంటే, గోడకి తగిలించిన అట్టముక్క మీద ఏం రాసుందని మామ్మ నన్ను అడిగింది. మేడ మీద గది అద్దెకివ్వబడును అని చదివి చెప్పాను. మామ్మ కొట్టు పక్కనున్న నిచ్చెనలాంటి మెట్లెక్కింది. వెనకే నేనూ ఎక్కాను. చిన్న గది. సున్నం రాలుతున్న గోడలు. ఒకే కిటికీ. అందులోంచి రేకుల కప్పుల మీదుగా ఓ ఓడ ముక్కు కనిపిస్తోంది. మామ్మ ఆ కిటికీ దగ్గర ఎంతసేపు నిలబడిందంటే, కిందనుంచి అమ్మ మూడుసార్లు పిలిచింది. మూడుసార్లూ నేనే పలికాను.

వారం తర్వాత ఒక పొద్దున, వంట ముగించి, గిన్నెలు కడిగి బోర్లించి, గుడ్డసంచీలో నాలుగు చీరలు పెట్టుకుని మామ్మ వరండాలోకి వచ్చింది. తాత పేపరు చదువుతున్నాడు.

"ఎల్తన్నాను," అంది. "కోపంతో కాదు."

"ఎప్పుడొత్తావు?" అన్నాడు తాత, బజారుకి వెళ్తోందేమో అన్నట్టు.

"వొత్తా ఉంతాను. ఉండిపోడానికి కాదు."

గేటు దాటి బస్టాపు వైపు నడిచింది. నాన్న స్కూటరు మీద వెంటపడి బతిమాలాడట. బస్సు వచ్చింది, ఎక్కేసింది.

షష్టిపూర్తి ఆగిపోయింది. బంధువులు మాత్రం వచ్చారు, ఒకరి తర్వాత ఒకరు, విచారించడానికి. పేరుకి తగ్గట్టే సన్యాసం పుచ్చుకుందని నవ్వారు. ఆ మాట నేను మోసుకెళ్ళి చెబితే మామ్మ పొయ్యి మీద కూర కలుపుతూ, "సన్నాసులకి సేపలకూర ఉంతాదేటే?" అంది.

మోసుకెళ్ళడం నా పని అయింది. ప్రతి ఆదివారం అమ్మ ఏదో ఒకటి వండి క్యారేజీ కట్టి ఇచ్చేది. మంచిదనీ చెడ్డదనీ ఆ విషయం గురించి అమ్మ ఒక్క మాటా అనలేదు, కానీ ఒక్క ఆదివారం కూడా మానలేదు. నాన్న స్కూటరు మీద దింపి, పైకి రాకుండా సందు చివర నిలబడేవాడు. మామ్మ అప్పటికి ఫాతిమా బీ దగ్గరే దిండు గలీబులు కుట్టే పనిలో కుదిరింది. ఎప్పుడు వెళ్ళినా ఆమె కనుబొమల మీద దూది ఉండేది.

ఆ గదిలో నేను చూసిన మామ్మ ఇంకో మనిషి. మధ్యాహ్నం కాళ్ళు చాపుకుని పడుకునేది. అన్నం వేడిగా ఉండగానే తినేది. కోనెం చేప తెచ్చుకుంటే తలకాయ తన కంచంలో వేసుకుని, నన్ను పక్కన కూర్చోబెట్టుకుని, దవడ దగ్గరి మెత్తటి కండ ఎలా తియ్యాలో చూపించేది. మా ఇంట్లో ఆ తలకాయ ఎప్పుడూ తాతదే. మొదటిసారి ఆ కండ నోట్లో పెట్టుకుని మామ్మ కళ్ళు మూసుకోవడం నాకు ఇంకా గుర్తుంది.

ఆమె నాతో పడ్డ పేచీ ఒక్కటే. "ఏటి తింతావు?" అని అడిగేది. నేను "ఏదో ఒకటి" అనేదాన్ని. మంచి పిల్లలు అలాగే అంటారని మా ఇంట్లో పేరు.

"ఏదో ఒకటంటే ఎవులిదో ఒకటి. నీదేటో సెప్పు," అనేది మామ్మ.

నేను చెప్పలేకపోయేదాన్ని. నిజంగానే తెలిసేది కాదు. మామ్మ పొయ్యి వెలిగించకుండా గోడకి ఆనుకుని కూర్చునేది. విసుక్కునేది కాదు, ఇదా అదా అని అందించేదీ కాదు. ఒకరోజు చాలాసేపయ్యాక ఏడుపు గొంతుతో, "ఉల్లిపాయ పకోడీ, బాగా మాడినవి," అన్నాను. మాడినవి తినాలని ఉందని చెప్పడానికి నాకు అంత సిగ్గేసింది. మామ్మ పకపకా నవ్వి, లేచి, నల్లగా వేయించి పెట్టింది.

ఆ రోజే ధైర్యం చేసి అడిగాను. "తాత నిన్నేమన్నా అన్నాడా మామ్మా?"

"మీ తాత మంచోడే గుంటా."

"మరి?"

మామ్మ చేతికంటిన పిండి కడుక్కుంది. "ఆయన పిలవకపోయినా నాకు పిలిసినట్టే ఇనిపించీది. నూతికాడున్నా, నిద్దట్లో ఉన్నా. నలబై ఏళ్ళు సెవులు అటే ఒగ్గీసినాను. ఇక్కడ ఓడ కూత ఇనిపిస్తాది. అది నన్ను పిలవదు గదా," అంది.

అప్పుడు నాకేమీ అర్థం కాలేదు. నా మటుకు నేను తాతని చూసి బాధపడేదాన్ని. వరండాలో పేపరు పట్టుకుని ఒకే పేజీ దగ్గర ఉండిపోయేవాడు. అలవాటు కొద్దీ "ఏమే" అని పిలవబోయి, ఆ మాట మధ్యలోనే మింగేసేవాడు. ఆదివారం నేను తిరిగి రాగానే దగ్గరికి పిలిచి, ఎటో చూస్తూ, "ఆ గదికి కిటికీ ఉందేటి?" అని అడిగేవాడు. "గాలొత్తందా?" అని అడిగేవాడు. ఒకసారి "తలుపు గట్టిదేనా?" అన్నాడు. గెడ ఊడిపోయిందనీ, మామ్మ లోపల బిందె అడ్డం పెట్టుకుని పడుకుంటోందనీ చెప్పాను.

ఆ వారమంతా పెరట్లో ఆకురాయి శబ్దం వినిపించింది. ఆదివారం క్యారేజీతో బయల్దేరుతుంటే, పనిముట్ల సంచీ భుజాన వేసుకుని తాతా వచ్చాడు. నాన్నని ఇంట్లోనే ఉండమని, నన్ను వెంటబెట్టుకుని బస్సెక్కాడు. దారి పొడుగునా సంచీ ఒళ్ళోనే పెట్టుకున్నాడు. మామ్మ తలుపు తీసి, ఆయన్ని చూసి గుమ్మంలోనే నిలబడిపోయింది.

"గెడ," అన్నాడు తాత. బొటనవేలంత మందం ఉన్న ఇనప గెడ సంచీలోంచి తీసి చూపించాడు.

మామ్మ పక్కకి తప్పుకుంది. ఆయన అరగంట పనిచేశాడు. చెక్కకి కన్నాలు వేశాడు, మరలు బిగించాడు, నూనె చుక్క వేశాడు. తలుపు మూసి, లోపలి నుంచి గెడ వేసి తీసి చూశాడు. "ఇంక బయటోడెవుడూ తియ్యలేడు," అన్నాడు. ఆ మాట అన్నాక ఆయన ముఖం చిన్నబోయింది. సంచీ సర్దుకుని వెళ్ళబోయాడు.

"టీ తాగెల్లు," అంది మామ్మ.

తాత కూర్చున్నాడు. ఎక్కడ కూర్చోవాలో తెలియక మూడుసార్లు అటూ ఇటూ చూసి, దూది మూట పక్కన, అంచు మీద కూర్చున్నాడు. టీ తాగుతూ కిటికీలోంచి చూశాడు. "గాలి బాగానే ఉంది," అన్నాడు. మామ్మ "ఊఁ" అంది. తాగడం అయ్యాక ఆయన లేచి, మూల ఉన్న బిందెలోంచి నీళ్ళు తీసుకుని తన గ్లాసు తానే కడిగి బోర్లించాడు. మా తాత గ్లాసు కడగడం నేను అప్పుడే చూశాను. మామ్మ కూడా అప్పుడే చూసిందనుకుంటాను. ఆమె గభాల్న అటు తిరిగి పొయ్యి తుడవసాగింది.

ఆ తర్వాత తాత ప్రతి గురువారం వెళ్ళేవాడు. ఇస్త్రీ చొక్కా వేసుకుని, బజార్లో రెండు చేపలు కొనుక్కుని వెళ్ళి, టీ తాగి వచ్చేసేవాడు. వాళ్ళేం మాట్లాడుకునేవారో నాకు తెలియదు.

నేను ఇంటర్ చదువుతున్నప్పుడు తాతకి పక్షవాతం వచ్చి ఎడమ వైపు పడిపోయింది. మామ్మ మర్నాటి నుంచి మొదటి బస్సుకి గాజువాక వచ్చేది. ఒళ్ళు తుడిచేది, జావ తాగించేది, కాలూ చెయ్యీ ఆడించేది. సాయంత్రం ఆరు గంటల బస్సుకి తిరిగి వెళ్ళిపోయేది. ఇప్పుడైనా ఉండిపోవచ్చు కదా అని మా పెద్దత్త గట్టిగానే అడిగింది.

"రోజూ వొత్తన్నాను గదమ్మా. రావాలని వొత్తన్నాను. ఉండిపోవాలంటే రాలేను," అంది మామ్మ.

విచిత్రమేమిటంటే, దాన్ని అందరికంటే బాగా అర్థం చేసుకున్నది తాత. మాట ముద్దగా వచ్చేది ఆయనకి. సాయంత్రం వెలుగు తగ్గుతుంటే కుడి చెయ్యి గుమ్మం వైపు ఊపి, "బస్సు... బస్సు తప్పిపోద్ది... బేగెల్లు," అనేవాడు.

పది నెలల తర్వాత ఒక తెల్లవారుజామున, మామ్మ ఇంకా దారిలో ఉండగానే ఆయన పోయాడు. బస్సు దిగి వస్తూ వాకిట్లో జనాన్ని చూసి ఆమె నడక ఆగిపోయింది. ఆ రోజు చాలామంది చాలా అన్నారు. ఆమె ఆయన కుడి చెయ్యి పట్టుకుని కూర్చుంది. కొన్ని వారాల తర్వాత గదిలో మేమిద్దరమే ఉన్నప్పుడు, నేను అడగకుండానే, "ఆ ఒక్క పూట నానక్కడ లేను గుంటా. బాద ఉంది. బతికున్నన్నాళ్ళూ ఉంతాది. తప్పు సేసినాననిపించదు," అంది. ఆమె ఏడవడం నేను చూసింది అప్పుడే.

నాకు ఇరవై నాలుగేళ్ళప్పుడు ఒక సంబంధం వచ్చింది. మంచి కుటుంబం. అబ్బాయి నెమ్మదస్తుడు. ద్వారకా నగర్‌లో కోచింగ్ సెంటర్లో నేను చెబుతున్న లెక్కల పాఠాలు మాత్రం మానేసి వేరే ఊరు వెళ్ళాలి. నాన్న "నీకిష్టమేనా?" అంటే "మీ ఇష్టం" అన్నాను. నిశ్చితార్థం వారంలో ఉందనగా పాతనగరం వెళ్ళి మామ్మ ఒళ్ళో తలపెట్టి ఏడ్చాను. వద్దనాలని ఉందని చెప్పాను.

మామ్మ నా తల నిమిరింది. నన్ను వెనకేసుకొస్తుందనుకున్నాను. "నాకు సెప్తే ఏటవుతాది? మీ నాన్నకి సెప్పు," అంది. "నువ్వూ రా మామ్మా," అన్నాను. "నానొస్తే అది నా మాటైపోద్ది," అని బస్టాపు దాకా వచ్చి ఎక్కించింది.

నాన్న అన్నం తింటున్నాడు. ఎదురుగా నిలబడి, "నాకు వద్దు నాన్నా," అన్నాను. తిడతాడనుకున్నాను. ఆయన కంచం పక్కకి జరిపి, "మొన్న నేను సరిగా అడగలేదేమో," అన్నాడు. చెయ్యి కడుక్కుని, ఫోన్ దగ్గరికి వెళ్ళి, వాళ్ళకి తనే చెప్పాడు.

మామ్మ పోయి తొమ్మిదేళ్ళయింది. ఆఖరి వరకూ ఆ గదిలోనే ఉంది. చివరి రోజుల్లో ఫాతిమా బీ జావ కాచి పెట్టింది, నేనూ అమ్మా వంతులు వేసుకుని పడుకున్నాం. ఆమె దగ్గర నేను నేర్చుకున్నదేమిటని ఎవరైనా అడిగితే పెద్ద మాటలేమీ తోచవు. ఎవరినైనా ఏదైనా అడిగాక, జవాబు వచ్చేదాకా ఆగడం నేర్చుకున్నాను. క్లాసులో ఆగుతాను. ఇంట్లో ఆగుతాను. అది అనుకున్నంత సులువు కాదు.

పోయిన నెల అమ్మ మా ఇంటికి వచ్చింది. ఆదివారం ఎక్కడికి వెళ్దామని అడిగాను. "మీరెల్లి రండమ్మా, పిల్లని నాను సూసుకుంతాను," అంది. నేను మళ్ళీ అడగలేదు. అక్కడినుంచి లేవనూ లేదు. అమ్మ చిక్కుళ్ళు ఒలుస్తూ కూర్చుంది. చిక్కుళ్ళు అయిపోయాయి. ఖాళీ తొక్కలు ఒకటొకటే సర్దింది. తల ఎత్తకుండా, "సముద్రంలో దిగాలనుంది," అంది. "ఒడ్డున నిలబడ్డం కాదు. నడుందాకా దిగాల. ఇన్నేళ్ళు ఈ ఊళ్ళో ఉండి ఒక్కసారీ దిగనేదు."

రుషికొండకి వెళ్ళాం. అమ్మ కుచ్చిళ్ళు పైకి దోపుకుని, నా చెయ్యి గట్టిగా పట్టుకుని, ఒక్కో అడుగే వేస్తూ దిగింది. మొదటి అలకి కేక వేసింది. రెండో అలకి నవ్వింది. మూడో అల వచ్చేసరికి నా చెయ్యి వదిలేసింది.