పచ్చబొట్లు చెరుపుకోబోయిన రత్నాలు

రత్నాలు మొహం మీద పచ్చబొట్లు పొడిచింది వాళ్ల అవ్వ యర్రమ్మ. అప్పటికి రత్నాలుకి పదేళ్లుంటాయేమో. అరకు పైన కొండల్లో వాళ్లది కోదు గిరిజనుల ఊరు. ఆడపిల్ల కాస్త ఎదిగిందంటే నుదుటి మీదా, చెంపల మీదా, గడ్డం మీదా గీతలు పొడిపించడం అక్కడ ఆనవాయితీ. ముల్లుతో గుచ్చి దీపం మసి రుద్దుతుంటే కళ్లలో నీళ్లు తిరిగాయి గానీ రత్నాలు ఏడవలేదు. ఆ మాట అవ్వ ఊరంతా చెప్పుకుంది. పొక్కులు మాని గీతలు పచ్చగా తేలాక, రత్నాలు గెడ్డ దగ్గరకెళ్లి నీళ్లలో తన మొహం చూసుకుని చాలాసేపు మురిసిపోయింది. ఆ బొట్లున్న ఆడదాన్నే చచ్చాక పెద్దలు గుర్తుపట్టి తమలో కలుపుకుంటారని యర్రమ్మ చెప్పేది.

బుధు ఆమెను ఇష్టపడిందీ ఆ మొహం చూసే. పొరుగూరి నుంచి డప్పు కొట్టడానికొచ్చినవాడు, ధింసా ఆడేవాళ్ల వరసలో ముందు నిలబడ్డ పిల్ల మీంచి చూపు తిప్పుకోలేక దరువు తప్పాడు. పెళ్లయిన ఏడాదికి కూతురు పుట్టింది. బడి పంతులు ఆ పిల్లకి హేమలత అని పేరు రాయించాడు. అప్పటికే ఆ చుట్టుపక్కల పచ్చబొట్లు పొడిచేవాళ్లు తగ్గిపోయారు. చదువుకునే పిల్లకెందుకులే అని రత్నాలు కూడా కూతురికి పొడిపించలేదు.

తొంభైల నడుమ పంచాయతీ ఆఫీసుకి టీవీ వచ్చింది. కరెంటున్న సాయంత్రం ఊరంతా అక్కడే చేరేది. రత్నాలు చంటిపిల్లల తల్లుల మధ్య కూచుని చూసేది. సినిమా కంటే మధ్యలో వచ్చే ప్రకటనలే ఆమెకు నచ్చేవి, పొట్టిగా ఉండి బేగి అయిపోతాయని. వాటిల్లో ఒకటే కథ తిరిగి తిరిగి వచ్చేది. ఒక చామనచాయ పిల్లని ఎవరూ చూడరు. ఆ పిల్ల ఏదో క్రీము రాసుకుంటుంది. మొహం పాలలా తెల్లబడుతుంది, ఉద్యోగమొస్తుంది, పెళ్లికొడుకూ వస్తాడు. భాష సగం తెలియకపోయినా కథ అందరికీ తెలిసిపోయేది. మొదట్లో ఆడవాళ్లంతా నవ్వుకునేవాళ్లు. కొన్నాళ్లకి నవ్వడం మానేశారు. రత్నాలు సంతలో ఒక అద్దం కొనుక్కుంది. టీవీలో మొహాల మీద ఒక్క గీతయినా లేదు, ఒక్క మచ్చయినా లేదు. తన మొహం మాత్రం ఎవరో మసిబొగ్గుతో గీసి తుడవడం మరిచిపోయినట్టుగా కనబడసాగింది. ఆ సంగతి ఆమె బుధుతో కూడా అనలేదు.

హేమలతని అరకులో ఆశ్రమ బడిలో వేశారు. ప్రతి సంతరోజూ రత్నాలు అల్లం, పిప్పళ్లు అమ్ముకుని, ఉడికించిన దుంపలో పనసతొనలో పట్టుకుని హాస్టలు గేటు దగ్గరకెళ్లేది. ఒక సంతలో పట్నంవాడెవడో పెద్ద కెమెరాతో వచ్చి ఆమె మొహం దగ్గరగా పెట్టి ఫొటోలు తీసుకుపోయాడు. అడగనూ లేదు, పేరు కనుక్కోనూ లేదు. ఆ ఫొటో ఒక వారపత్రికలో అచ్చయింది. ‘కాలం మరిచిపోయిన మొహాలు’ అని కింద రాశారు. ఎదుటి పేజీలో ఎవరో మోడలు, తెల్లటి చెంపకు సబ్బు ఆనించుకుని నవ్వుతోంది. పత్రిక హాస్టలుకి చేరింది. పిల్లలు రెండు పేజీలూ పక్కపక్కన పెట్టి చూసి హేమలతని ఏడిపించారు. నడిచెళ్తుంటే ‘కాలం మరిచిపోయింది వస్తోంది’ అనేవాళ్లు.

తర్వాతి సంతకి రత్నాలు వెళ్తే హేమలత గేటు దగ్గర నిలబడలేదు. తల్లిని చెయ్యి పట్టుకుని గోడ వెనక్కి తీసుకుపోయింది.

“అమ్మా, ఇకమీదట అయ్యని పంపించు. నువ్వు రాకు.”

“ఏటే, నానేటి సేసినాను?”

“నీ మొగం పుస్తకంలో ఏసినారు. అందరూ నవ్వుతున్నారు,” అంది పిల్ల నేలకేసి చూస్తూ.

దాని వయసు పదేళ్లు. తన మొహం మీద గీతలు పడ్డ వయసదేనని రత్నాలుకి కొండెక్కుతుంటే తోచింది. పిల్ల మీద కోపం రాలేదు. ఫొటో తీసినవాడి మీదా రాలేదు, తన మొహం మీదే వచ్చింది.

నల్లజీడి గింజ రసం తగిలితే చర్మం ఊడొస్తుందని అడవిలో గింజలేరుకునే వాళ్లందరికీ తెలుసు. రత్నాలుకీ తెలుసు. మాసిన చర్మం పోయి కింద నుంచి కొత్తది వస్తుందని, అప్పుడు గీతలూ పోతాయని ఆమె తనకు తానే నచ్చచెప్పుకుంది. ఇంట్లో ఎవరూ లేనప్పుడు ముందు కుడిచెంపకి రాసుకుంది. పొద్దుగూకేసరికి చెంప పొంగిపోయి కన్ను మూసుకుపోయింది. జ్వరంతో మూలుగుతున్న మనిషిని బుధు, అతని తమ్ముడు డోలీ కట్టి కొండ దింపారు. ఆసుపత్రిలో చాన్నాళ్లు ఉండాల్సొచ్చింది. కట్లు విప్పాక చూస్తే కుడిచెంప ముడతలు పడి, మెరుస్తూ, ఎర్రగా ఉంది. దాని అడుగున పచ్చబొట్టు గీతలు అక్కడొక ముక్కా ఇక్కడొక ముక్కా అలాగే ఉన్నాయి.

మరిగే నూనె మీద పడిందని కూతురికి చెప్పింది. బుధు చేత కూడా అదే చెప్పించింది. ఎందుకు చేశావని అతను ఎన్నడూ అడగలేదు. కాకపోతే ఇంట్లో అద్దం ఎప్పుడు మాయమయిందో రత్నాలుకి తెలియలేదు.

ఆ తర్వాత ఆమె చీరకొంగు చెంప మీదికి లాక్కోకుండా గడప దాటలేదు. ధింసాకి పిలిస్తే కాళ్లు నొప్పులనేది. టీవీ ఉన్నవైపు పోయేది కాదు. కాఫీ పళ్లు కోయడానికి వెళ్తే వరస చివర్న, ఎవరికీ ఎదురుపడకుండా కోసేది. అలా ఎనిమిదేళ్లకు పైనే గడిచాయి.

హేమలత పది పాసై, ఇంటరు చదివి, నర్సు ట్రైనింగుకని పాడేరు వెళ్లింది. ఒక వేసవి సెలవులకి ఇంటికొచ్చినప్పుడు, మిట్టమధ్యాహ్నం బస్సు దిగి నడిచొచ్చిన పిల్ల ఇంట్లోకి వచ్చాక కూడా మొహానికి చుట్టుకున్న చున్నీ తీయలేదు. దుమ్మని చెప్పింది. అన్నం తినేటప్పుడూ పక్కకి తిరిగి కూచుంది. చెంప ఏ చెయ్యి అడ్డం పెట్టి దాచుకోవాలో, ఏ వెలుగులో కూచోకూడదో రత్నాలుకి తెలియనిదా. దగ్గరకెళ్లి చున్నీ తీసింది. పిల్ల మొహమంతా ఎర్రగా కందిపోయి, సన్నసన్న పొక్కులు లేచి ఉంది. నుదుటి మీద చర్మం ఉల్లిపొరలా పలచబడిపోయింది.

తెల్లబడతారని మందుల షాపులో ఒక ట్యూబు ఇచ్చారట. పేరున్న క్రీము కాదు. ట్రైనింగులో సగం మంది పిల్లలు అదే రాస్తున్నారు. మొదటి నెల నిజంగానే తెల్లబడింది. ఫొటో దిగితే అందులో ఉన్నది తనే అనుకోలేదట. మానేద్దామంటే మంట, రాస్తే ఎండలోకి వెళ్లలేకపోతోందట.

“ఇలాగవుతుందని నాకెవరూ చెప్పలేదమ్మా,” అంది హేమలత.

రత్నాలు తన కొంగు తీసి, కుడిచెంప వెలుగులోకి తిప్పి కూచుంది.

“ఇది నూనె కాదే. నానే రాసుకున్నాను. నల్లజీడి.”

హేమలతకి మొదట అర్థం కాలేదు. అర్థమయ్యాక, ఎప్పుడని అడిగింది. తల్లి చెప్పకముందే దానికి తెలిసిపోయింది. గోడ వెనక నిలబడి తను అన్న మాట గుర్తొచ్చింది. అన్నం కంచం ముందు నుంచి లేచి, చెయ్యి కడుక్కోకుండానే తల్లి ఒళ్లో తల పెట్టుకుంది. నీవల్ల కాదులే, చిన్న గుంటవి, నీకేటి తెలుస్తుంది అని రత్నాలు అంటూనే ఉంది. “నేనన్నాను కదమ్మా,” అని హేమలత ఒక్కసారే అంది, ఆ మీదట వాదించలేదు.

మర్నాడు తల్లీకూతుళ్లిద్దరూ విశాఖలో చర్మం డాక్టరు దగ్గరకి వెళ్లారు. ఆవిడ ట్యూబు చూసి, ఇది మొహానికి రాసేది కాదని చెప్పి, మెల్లగా మాన్పించే పద్ధతి చెప్పింది. ముందు ఇంకా మండుతుంది, ఓర్చుకోవాలంది. నిజంగానే మండింది. ఆ నెలరోజులూ రత్నాలు పొద్దున్నే గెడ్డ నీళ్లలో గుడ్డ తడిపి తెచ్చి కూతురి మొహం మీద వేసేది. రాసుకుందామని హేమలత ట్యూబు కోసం చెయ్యి చాపినప్పుడల్లా, ఆ చెయ్యి పట్టుకుని కూచునేది.

సెలవులయ్యాక హేమలత ఒక్కతే వెళ్లనంది. ఆ మొహంతో తోటిపిల్లల ముందుకెలా వెళ్తానంది. రత్నాలు ఉన్నవాటిలో మంచి చీర కట్టుకుని కూతురి వెంట బయల్దేరింది. పాడేరు హాస్టల్లో ఆమె రెండు రోజులుంది. పిల్లలు పచ్చబొట్లు చూశారు, చెంప కూడా చూశారు. ఒకమ్మాయి, ఆ ట్యూబు వాడేదే, కాస్త జంకుతూ ఏం జరిగిందని అడిగింది. రత్నాలు ఉన్నదున్నట్టు చెప్పింది. కోదుమాటలు అడ్డం పడినచోట హేమలత అందుకుని తెలుగులో చెప్పింది. “టీవీలోనోల్లు ఆల్ల మొగాలు ఆల్లకాడే ఉంచుకుంటారు, మనకివ్వరు,” అందామె చివర్న. ట్యూబులు కొందరు పారేశారు, కొందరు పారేయలేదు.

హేమలత మొహం మళ్లీ మామూలు కావడానికి ఏడాది పైనే పట్టింది. ఇప్పుడు ఆమె హుకుంపేట వైపు ఊళ్లలో నర్సు. రత్నాలు కాఫీ తోటలో వరస మధ్యలోనే నిలబడి కోస్తుంది, పక్కవాళ్లతో కబుర్లు చెబుతూ. కొత్తవాళ్లెవరైనా ఎదురైతే మాత్రం ఆమె చెయ్యి ఇప్పటికీ కొంగు మీదికి పోతుంది. ఒక్కోసారి మధ్యలో ఆపుకుంటుంది. ఒక్కోసారి ఆపుకోలేదు.