ఎట్లా ఓడినారో చెప్పు

ఆపా పోయిందన్న కబురు నాకు నలభై సెకన్ల వాయిస్ మెసేజ్‌గా వచ్చింది. నెల్లూరు నుంచి ఆమె చెల్లెలు పంపారు. ఆఫీసులో కంటైనర్ల కాగితాలు సరిచూస్తూ ఒక చెవికే ఇయర్‌ఫోన్ పెట్టుకుని విన్నాను.

“ఆపా పోయిందమ్మా. తెల్లారి నమాజు అయినాక. బాధ పడకుండానే పోయింది. నీకు తప్పకుండా చెప్పమనింది.” కాస్త ఆగి ఇంకో మాట చేర్చారు. “నిన్న సాయంత్రం గూడా ఆ బంతాటలో ఎవురు గెలిచినారని అడిగింది. నాకేం తెలుసు, నేనేం చెప్పేది?”

నిజం చెబుతున్నాను. ఏడవడానికి ముందు నేను చేసిన పని, ఫోనులో ఆ ఆట ఫలితం వెతకడం. ఆమె జట్టే గెలిచింది. చెప్పడానికి అవతల మనిషి లేదని అప్పుడు తెలిసింది. కుర్చీలోంచి లేచి బాత్రూములోకి వెళ్ళిపోయాను.

ఆపా అంటే ఉర్దూలో అక్క. నేను తెనాలి దాన్ని, ఆమె నెల్లూరు మనిషి. షార్జాలో మేముండే బిల్డింగు కింద ఆడవాళ్ళ బట్టలు కుట్టే దుకాణం ఆమెది. లైసెన్సు మీద కఫీల్, అంటే పూచీ ఉండే అరబ్బు షేట్, పేరు ఉండేది గానీ, కత్తెర మాత్రం ఆమెది. భర్త షార్జా శివారు సజ్జాలో ఒక ఫ్యాక్టరీలో పనిచేస్తూ చాలా ఏళ్ళ కిందటే పోయారు. పిల్లలు లేరు. ఊరికి వచ్చెయ్యమని అందరూ అన్నా, చేతిలో పని ఉంది కదా అని ఉండిపోయింది. తిరిగి నెల్లూరు చేరింది ఆఖరి నెలల్లోనే. జెబెల్ అలీ రేవుకు వెళ్ళే మా కంపెనీ బస్సు ఉదయం ఏడున్నరకు సరిగ్గా ఆ దుకాణం ముందే ఆగేది. నేను ఏడింటికే దిగి, ఆమె ఇచ్చే పాలు లేని చాయ్ తాగుతూ బస్సు కోసం చూసేదాన్ని.

ఆమెను మొదట కలిసిన రోజు, నేను తీసుకెళ్ళిన కొత్త జాకెట్టు అందంగా ఉందని ఒక్క మాటైనా అనలేదు. లోపలి వైపు తిప్పి చాలాసేపు చూసింది. “పైన అందరూ బాగానే కుడతారు అమ్మణ్ణీ. లోపల ఏం చేసినారో చూడాల” అంది. ఏది చేతికిచ్చినా అంతే. గొడుగు, హ్యాండ్‌బ్యాగు, ఆఖరికి మా ఆయన కారు సీటు కవరు కూడా తిప్పి చూసేది.

బేస్‌బాల్ కూడా ఆమె జీవితంలోకి అలా తిప్పి చూడబట్టే వచ్చింది. కరోనాకు కాస్త ముందు, దుబాయ్‌లో పిల్లలకు ఆ ఆట నేర్పే ఒకావిడ చొక్కాల మీద అంకెలు కుట్టమని ఒక సంచీ ఇచ్చి వెళ్ళింది. సంచీ అడుగున ఒక బంతి ఉండిపోయింది. తెల్లని తోలు, ఎర్రని దారం. ఆ ఉదయం నేను వెళ్ళేసరికి ఆపా కళ్ళద్దాలు పెట్టుకుని సూది మొనతో కుట్లు లెక్కపెడుతోంది.

“నూటెనిమిది. రెండేసి పోగులు. మిషను కుట్టు కాదు మే ఇది, చేత్తో కుట్టినారు. ముడి యాడ దాచినారో కనపడటం లా. దీన్ని కట్టెతో కొడతారంటనే! ఎందుకబ్బా?”

ఎందుకో నాకూ తెలియదు. నాకు తెలిసింది క్రికెట్టు, అదీ సగమే. తరవాత లాక్‌డౌన్ వచ్చింది. దుకాణం మూసి మాస్కులు కుడుతూ కూర్చున్న రోజుల్లో ఆమె పాత ట్యాబ్‌లో ఆ ఆట వెతికి చూడటం మొదలుపెట్టింది. అమెరికాలో సాయంత్రం మొదలయ్యే ఆట మాకు తెల్లవారుజామున వస్తుంది. నమాజు చేసుకుని, చాయ్ పెట్టుకుని, నేను దిగేవరకు చూసేది. ఆ ఏడాది స్టేడియాలు ఖాళీ. సీట్లలో అట్టతో చేసిన మనుషుల బొమ్మలు పెట్టారు. వాటిని చూసి నవ్వీ నవ్వీ, “వీళ్ళ కొలతలు ఎవురు తీసినారో” అంది.

రూల్స్ మేమిద్దరం కలిసే నేర్చుకున్నాం. ఇంగ్లీషు చదవడం నా వంతు, అర్థం చేసుకోవడం ఆమె వంతు. బంతి విసిరేవాణ్ణి పిచ్చర్ అంటారని నేను చెబితే, “మనం బౌలర్ అందాంలే” అని తేల్చేసింది. ఆ బౌలర్ నాలుగు చెడ్డ బంతులు వేస్తే బ్యాటు పట్టినవాడు కొట్టకుండానే నడుచుకుంటూ మొదటి బేస్‌కి వెళ్ళిపోవచ్చు. బేస్‌లంటే మైదానంలో మూడు మూలల పరిచిన చదును దిండ్లు, మూడూ తాకి బయలుదేరిన చోటికి వస్తే ఒక పరుగు. నడిచి వెళ్ళడం ఆమెకు భలే నచ్చింది. “ఊరికే ఓపిగ్గా నిలబడినా ముందుకు పంపిస్తారు చూడు!” ఆటగాడు బంతి జారవిడిస్తే ఆ తప్పును కూడా స్కోరుబోర్డు మీద వేస్తారని తెలిసిన రోజు మాత్రం చేతిలో పని పక్కన పెట్టేసింది. “నేను ఎన్ని జాకెట్లు పాడు చేసినానో బోర్డు మీద రాస్తే దుకాణానికి ఎవురన్నా వస్తారా?”

జట్టును ఎంచుకున్న తీరు చెబితే మీరు నవ్వుతారు. చొక్కా చేతుల అంచుకు సన్నగా నీలం పైపింగ్ వేసిన జట్టు ఒకటుంది. “ఆ పైపింగ్ వేసినోడు పనోడు” అని వాళ్ళ పక్షం చేరింది. ఆ జట్టు ఓడడంలో దిట్ట. ఏటా సెప్టెంబరు మొదట్లో ఆపా ఉత్సాహంగా ఉండేది. నెల మధ్యకు వచ్చేసరికి తిట్లు, నెలాఖరుకు “ఖలాస్, ఇంక చూడను” అని ట్యాబ్ బోర్లా పెట్టడం. అక్టోబరులో మిగతా జట్లు పెద్ద ఆటలు ఆడుతుంటే నాలుగు రోజులకు మెల్లగా ట్యాబ్ మళ్ళీ నిలబడేది. “ఊరికే చూస్తుండా. ఎవురి కోసమూ గాదు.” మూడేళ్ళు ఇదే వరస.

నాలుగో ఏట నీలం పైపింగ్ జట్టు గెలవడం మొదలుపెట్టింది. సెప్టెంబరంతా ఆపా చిన్నపిల్లే. నేను మెట్లు దిగుతుండగానే స్కోరు అరిచి చెప్పేది. జట్టు అక్టోబరు ఆటల్లోకి అడుగుపెట్టిన రోజు ఖర్జూరాల పెట్టె తెరిచి, దుకాణం ముందు ఆగిన నీళ్ళ క్యాన్ల పఠాన్ డ్రైవరుకు కూడా పెట్టింది. ఎందుకని అతను అడిగితే, “బేస్‌బాల్, భాయ్!” అంది. అతను అయోమయంగా చూసి, దువా చేసి, రెండు పళ్ళు ఎక్కువే తీసుకున్నాడు.

ఆ తరవాతే ఏదో మారింది. జట్టు గెలుస్తూనే ఉంది, ఆమె అరవడం మానేసింది. స్కోరు అడిగితే చూసుకోలేదనేది. ప్రశ్నలు మాత్రం ఎక్కువయ్యాయి, అవి కూడా ఆట గురించి కాదు.

“ఆ మూల కూర్చున్నాడే, చెయ్యికి ఆపరేషన్ అయినోడు. మళ్ళా ఎన్నాళ్ళకు బంతి వేస్తాడు?”

ఫోనులో వెతికి చెప్పాను. ఏడాదో, ఇంకా ఎక్కువో.

“అందరూ వేస్తారా?”

“కొందరు వెయ్యలేరట ఆపా.”

“మరి వాళ్ళు ఏం చేస్తారు అప్పుడు?”

 ఆమె కుతూహలం నాకు కొత్త కాదు కాబట్టి అనుమానమూ రాలేదు. ఆ వారమే, “కంటి డాక్టరు డేటు ఇచ్చినాడు, నెలాఖరుకు మార్చమని ఇంగ్లీషులో రాసి పెట్టమ్మా” అని చీటీ మీద ఆసుపత్రి నంబరు, ఫైలు నంబరు ఇచ్చింది. నా ఫోను నుంచే మెసేజ్ పంపాను. సరేనన్నారు. నెలాఖరంటే ఆఖరి సిరీస్ అయిపోయేదాకా అని నాకు తెలుసు. ఆమె పిచ్చికి నవ్వుకున్నాను కూడా.

రెండు రోజుల తరవాత బస్సులో ఉండగా అదే నంబరు నుంచి మెసేజ్ వచ్చింది. రొమ్ము శస్త్రచికిత్సకు తేదీ మార్చామని, ఇకపై వాయిదా వెయ్యవద్దని డాక్టరు కోరుతున్నారని ఉంది. దాన్ని మూడుసార్లు చదివాను. ఆ రోజు ఆఫీసులో ఏం చేశానో గుర్తులేదు. సాయంత్రం బస్సు దిగి నేరుగా దుకాణంలోకి వెళ్ళాను. ఆమె ఎవరిదో లంగాకు అంచు మడుస్తోంది. ఫోను ముందు పెట్టాను.

“కళ్ళా ఆపా ఇది?”

ఆమె చూసింది, సూది పక్కన పెట్టింది.

“బంతాట కోసం ఆపరేషన్ వాయిదా వేసుకున్నారా? అదీ నా చేత? నా చేత్తో రాయించారు!” అరిచాను. ఆమె మీద గొంతెత్తడం అదే మొదలు, అదే ఆఖరు.

“ఆట కోసం కాదు మే” అంది లంగా మడిచి పెడుతూ. “కుడిపక్క. చంకలో గడ్డలు గూడా తీయాల్నంట. చెయ్యి ముందుమాదిరి లేస్తాదో లేదో చెప్పలేమన్నాడు డాక్టరు. కత్తెర పట్టుకోలేకపోతే ఈ ఊర్లో నాకేం పని ఉండాది? ఆట అయిపోయేదాకా అనుకుంటే… పది దినాలు ఇట్లానే ఉండొచ్చు గదా అనిపించింది.”

నేను స్టూలు లాక్కుని కూర్చున్నాను. కాసేపటికి ఆమే లేచి నీళ్ళు తెచ్చి ఇచ్చింది. రోగం ఆమెది, ఓదార్పు నాకు. “రేపు ఫోన్ చేసి ముందుకు మార్పించు. యల్లా, తాగు ముందు” అంది.

ఆ పది రోజులు ఆలస్యమైనా పెద్ద తేడా ఉండేది కాదని డాక్టరు తరవాత నాతో అన్నారు. నమ్మాను. ఇప్పటికీ ఒక్కోసారి ఆ మెసేజ్ తెరిచి చూస్తాను.

దొరికిన తేదీ ఎలా పడిందంటే, నీలం పైపింగ్ జట్టు చావోరేవో తేల్చుకునే ఆట జరుగుతున్న ఉదయమే ఆమెను ఆసుపత్రిలో చేర్చుకునేది. ఓడితే జట్టు ఇంటికే. మేం వెళ్ళేసరికి సగం ఆట అయిపోయింది. మంచం మీద ఆకుపచ్చ గౌను వేసుకుని, దాని వెనక ముళ్ళు ఎంత వంకరగా కట్టారో చెబుతూ, ట్యాబ్ ఒళ్ళో పెట్టుకుని చూసింది. తొమ్మిది రౌండ్ల ఆటలో ఎనిమిదో రౌండులో స్కోరు సమానంగా ఉండగా మలయాళీ నర్సు వచ్చి, “అమ్మా, చలేం?” అని ఆపరేషన్ గది వైపు చూపింది.

ఆపా ట్యాబ్ నా చేతిలో పెట్టింది. “నువ్వు చూడు. కన్ను తిప్పబాకు. లేచినాక చెప్పాల.”

తలుపు అవతలికి ఆమె వెళ్ళిపోయింది. ఇవతల కుర్చీలో నేను, ఒళ్ళో ఆ ఆట. దేనికోసం ఎదురుచూస్తున్నానో నాకే తెలియకుండా పోయింది. అయినా చెప్పింది కదా అని కన్ను తిప్పకుండా చూశాను. తొమ్మిదో రౌండులో వాళ్ళు ఓడిపోయారు.

మధ్యాహ్నం దాటాక ఆమె కళ్ళు తెరిచింది. పెదాలు ఎండిపోయి ఉన్నాయి. అబద్ధం చెబుదామా అని ఒక క్షణం అనిపించింది. నా మొహం చూసి ఆమే అంది, “ఓడినారు గదా?”

“ఓడారు ఆపా.”

“సరే. ఎట్లా ఓడినారో చెప్పు.”

చెప్పాను. ఏ బంతి ఎటు పోయింది, ఎవడు పరుగెత్తాడు, ఆఖర్న బ్యాటు పట్టినవాడు కొట్టాలా వద్దా అని తటపటాయించి ఎలా నిలబడిపోయాడు, అంతా. మధ్యలో నిద్రపోయింది. లేచి, వదిలినచోటి నుంచి మళ్ళీ చెప్పించుకుంది.

ఆ చలికాలమంతా ఆమె గోడ మీద కుడిచేతి వేళ్ళను పైకి నడిపించేది. డాక్టరు చెప్పిన వ్యాయామం. ఎంతవరకు అందితే అక్కడ బట్టల మీద గీసే సుద్దతో చిన్న గీత. నేను వెళ్ళినప్పుడల్లా మొదట ఆ గోడే చూసేదాన్ని. కొన్ని వారాలు గీతలు ఒకదాని మీద ఒకటి పడి ఒకే గీతలా ఉండేవి. ఎండలు ముదిరేసరికి కాస్త పైకి పాకాయి. భుజం దాటిన రోజు జాకెట్టు కత్తిరించింది. మెడ వంకర పోయింది. లోపలి వైపు తిప్పి చూసుకుని, “ఒక తప్పు. రాసుకో బోర్డు మీద” అంది. నవ్విందా లేదా అన్నది నేను చూడలేదు. నాకు కళ్ళు సరిగా కనబడలేదప్పుడు.

ఆ తరవాతి శరత్తులో ఆమె ఎవరి పక్షమూ పట్టలేదు. నీలం పైపింగ్ వాళ్ళు సెప్టెంబరులోనే వెనకబడ్డా తిట్టలేదు. ఏ ఆట వస్తే అది చూసింది. కోచ్‌లు ముక్కులు గోక్కుంటూ చేసే సైగలకు అర్థాలు అడిగింది, వాన వస్తే పరిచే పట్టా ఎంత బరువుంటుందో అడిగింది. ఉత్సాహం తగ్గిందనుకున్నాను మొదట. కాదు, పరుచుకుంది.

నవంబరులో ఒక శనివారం ఆమెను దుబాయ్‌లో పిల్లలు బేస్‌బాల్ ఆడే మైదానానికి తీసుకెళ్ళాను. అన్నేళ్ళు చూసినా ఆ ఆటను నిజంగా ఒక్కసారీ చూడలేదామె. పిల్లల ఆటే అయినా వల వెనక బెంచీ మీద ముందుకు వంగి కూర్చుంది. ట్యాబ్‌లో వినపడని చప్పుళ్ళన్నీ విని ఆశ్చర్యపోయింది. ఆట అయ్యి పిల్లలు వెళ్ళిపోయాక, మైదానం చూసుకునే ఆయన గొట్టంతో ఎర్రమట్టి తడపడం మొదలుపెట్టాడు. మా మాటలు విని దగ్గరకొచ్చాడు.

“తెలుగోళ్ళా అక్కా? ఏ ఊరు మీది?”

“నెల్లూరు నాయనా. నీది?”

“మాది ఆర్మూర్ అవతల. పిల్లలెవరన్న ఆడుతుండ్రా మీయోళ్ళు?”

“ల్యా. ఊరికే చూడ్డానికి వచ్చినా. ఒకసారి లోపలికి పోవచ్చా?”

ఆయన అటూ ఇటూ చూశాడు. “పోండ్రి అక్కా, ఏం కాదు. తెల్ల గీత ఒక్కటి తొక్కకుండ్రి.”

ఆపా చెప్పులు విప్పి చేత్తో పట్టుకుంది. నల్ల బుర్ఖా అంచు కాస్త ఎత్తి, తడిమట్టి మీద మొదటి బేస్ వైపు నడిచింది. పరుగులు పెట్టే దారిని ఆమె తీరిగ్గా, గీత పక్కనే అడుగులు వేస్తూ నడిచింది. మొదటి బేస్‌ను కాలివేళ్ళతో తాకి చూసింది. అక్కణ్ణుంచి తిరిగి రెండో బేస్‌కు వెళ్ళి, దాని మీద రెండు కాళ్ళూ పెట్టి ఎక్కి నిలబడింది.

మైదానానికి నడిమధ్యలో ఉంటుందది. పొద్దు వాలుతోంది. ఆమె మెల్లగా చుట్టూ తిరిగింది, ఖాళీ బెంచీలు, వల, దూరాన రోడ్డు మీది లారీలు, ఇటు నేను.

“ఇక్కణ్ణుంచి చూస్తే అంతా వేరేగా ఉండాది మే!” అని అక్కణ్ణుంచే కేక వేసింది.

ఆర్మూర్ ఆయన గొట్టంలో నీళ్ళు కట్టేసి ఆగాడు. ఇంకా మూడో బేస్ ఉంది, ఆ తరవాత బయలుదేరిన చోటు ఉంది. రమ్మని మేమిద్దరమూ పిలవలేదు. చెప్పులు చేత పట్టుకుని, అరికాళ్ళకు ఎర్రమట్టి అంటుకుని, ఆమె ఇంకోసారి మొదటి నుంచి చుట్టూ చూడటం మొదలుపెట్టింది.