తమ్ముడికి పోసిన నీళ్ళు

నా చిన్నప్పుడు మా గల్లీకి పొద్దు ఎంతైందో చెప్పేది మిల్లు సైరనే. ఇంట్లో గడియారం లేదు, కొనాలన్న ఆలోచన కూడా ఎవరికీ లేదు. సైరన్ కూస్తే బాపు లేచేవాడు, మళ్ళీ కూస్తే మా నాయనమ్మ పొయ్యి మీద ఎసరు పెట్టేది. నేను మొదటి సత్ప్రసాదానికి, గుడిలో ఫాదర్ చేతి నుంచి అప్పం అందుకోవడానికి, తయారవుతున్న ఏడాది, వేసవిలో, మిల్లులో సమ్మె మొదలై ఆ కూత ఆగిపోయింది. యాకుత్‌పురా స్టేషన్ మీదుగా పోయే రైళ్ళు తప్ప మరో చప్పుడు లేదు. ఎండకు కుక్కలు కూడా అరిచేవి కావు. ఏదో జరగబోతోందని పెద్దవాళ్ళు నోటితో అనలేదు గాని, మంచినీళ్ళు తాగేటప్పుడు కూడా వీధి వైపే చూస్తూ తాగేవారు.

మేము క్యాథలిక్కులం. బాపు మిల్లులో మగ్గాల మీద పనిచేసేవాడు, ఎర్రజెండా యూనియన్‌లో తిరిగేవాడు. మెడలో మరియమాత పతకం, జేబులో పార్టీ కార్డు ఉండేవి. రెండూ ఒకే చెమటకు తడిసేవి. ఆ రెండూ ఒకే ఒంటి మీద ఉండటం కుదరదని మాకు చెప్పింది మా గుడి ఫాదర్. ఆయన ఇటలీ నుంచి వచ్చి, తెలుగును పుస్తకాల్లోంచి నేర్చుకున్న మనిషి. ఒక ఆదివారం పీఠం ముందు నిలబడి, దేవుడు లేడనే వాళ్ళ పార్టీలో చేరినవారు కార్డు విడిచిపెట్టేదాకా సత్ప్రసాదానికి రాకూడదని చదివి వినిపించాడు. ఆనాటి నుంచి బాపు గుడిలో తలుపు దగ్గరే ఆగిపోయేవాడు. అందరితో పాటు మోకరించేవాడు, అందరితో పాటు జపం చెప్పేవాడు, ముందుకు మాత్రం వచ్చేవాడు కాదు. ఒక్క కాగితం చింపేస్తే పోయేదానికి ఇంత మొండితనమా అని నాయనమ్మ తిడితే, "మిషిన్‌ల చెయ్యి పోయినోనికి పైసలియ్యమని అడిగింది గా కాగితమే, అమ్మా. గుడి అడగలే," అన్నాడు. నాయనమ్మ గిన్నెలు ఇంకా గట్టిగా తోమింది.

సమ్మె ముదిరాక పోలీసులు బాపును తీసుకుపోయారు. ఆ తర్వాత ఆయన స్నేహితుడొకడు వచ్చి మా వెనక గదిలో దాక్కున్నాడు. కార్వాన్ వైపు మనిషి. మిల్లు గేటు ముందు ఉపన్యాసాలు ఇచ్చేవాడు, వాటిలో మా ఫాదర్‌ను కూడా వెక్కిరించేవాడు, ఏ దేవుణ్ణీ నమ్మేవాడు కాదు. నేను ఆయన్ని కాకా అనేదాన్ని. పోలీసులకు అందరికంటే ఎక్కువగా కావలసింది ఆయనే. గల్లీ మొదట్లో ఇరానీ హోటల్ ముందు ఇద్దరు పోలీసు జవాన్లు కుర్చీలు వేసుకుని పొద్దున్నుంచి రాత్రిదాకా కూర్చునేవారు. అంతకు ముందు దొరికిన యూనియన్ మనిషిని ఠాణా నుంచి ఇంటికి ఎట్లా మోసుకొచ్చారో గల్లీ అంతా చూసింది. అందుకే కాకా ముందు గదిలోకి రాకూడదు, ఎందుకంటే ఆ కిటికీ వీధిలోకి ఉంటుంది. ఎండాకాలంలో కిటికీ మూసి పెడితే ఎందుకు మూశారని అడుగుతారు, కాబట్టి అది తెరిచే ఉండాలి.

కొడుకు స్నేహితుడని నాయనమ్మ ఆయన్ని ఉండనిచ్చింది గాని, ముద్దు చేయలేదు.

"అందరికి సమానం అంటవ్ గద కొడుకా. మా ఇంట్ల అందరికి సగం గ్లాసే చాయ్," అని తలుపు సందులోంచి గ్లాసు పెట్టేది.

"మిగిలిన సగం ఎవరు తాగుతున్నరు అవ్వా?"

"నీ సమ్మె తాగుతున్నది."

సాయంత్రాలు నాయనమ్మ నాతో జ్ఞానోపదేశం వల్లె వేయించేది. ప్రశ్న ఆమె అడగాలి, జవాబు నేను తడుముకోకుండా చెప్పాలి, తప్పితే చెవి మెలిపెట్టేది. ఆ ప్రశ్నలూ జవాబులూ వెనక గదిలో కూర్చున్న కాకా చెవిన కూడా రోజూ పడేవి. మా పార్టీ క్లాసుల్లో కూడా ఇట్లాగే బట్టీ పట్టిస్తారని ఆయన లోపలినుంచి నవ్వేవాడు. ప్రాణాపాయంలో ఉన్నవారికి ఫాదర్ అందకపోతే జ్ఞానస్నానం ఎవరు ఇవ్వవచ్చు అన్నది అందులో ఒక ప్రశ్న. ఎవరైనా ఇవ్వవచ్చు, నీళ్ళు పోసి ఆ మాటలు చెప్పాలి, తిరుసభ, అంటే మన క్రైస్తవ సంఘం, చేసేదే తానూ చేయాలని మనసులో అనుకోవాలి. అదీ జవాబు. "ఎవరైనా అంటే నేను గూడనా అవ్వా?" అని కాకా అడిగాడు. నాయనమ్మ నవ్వలేదు. "నువ్వు గూడ. నిన్ను మెచ్చి పెట్టిన మాట కాదది, పోయే ప్రాణం మీద జాలితోని పెట్టిన్రు," అంది.

ఈ సంగతి మా ఇంట్లో ఊరికే బట్టీ పట్టే సంగతి కాదు. నాకంటే ముందు అమ్మకు ఒక బిడ్డ పుట్టి, జ్ఞానస్నానం నీళ్ళు పోయకముందే చనిపోయింది. ఆ రోజుల్లో అట్లాంటి పిల్లల్ని సమాధుల తోట గోడ లోపల పెట్టనిచ్చేవారు కాదు. గోడ అవతల, నాలా పక్కన, సిలువ లేకుండా పెట్టేవారు. రెండు వానాకాలాలు తిరిగేసరికి ఆ చోటు ఎక్కడో కూడా తెలియకుండా పోయింది. ప్రతి నవంబరులో, చనిపోయినవారి పండుగకు, అందరూ సమాధుల మీద కొవ్వొత్తులు వెలిగిస్తుంటే అమ్మ ఒక్కతే గోడ దగ్గర నిలబడి అవతలికి చూసేది. ఇప్పుడు ఆ పద్ధతి లేదు, ఎవరినైనా లోపలే పెడతారు. అప్పుడు ఉంది.

ఆ వేసవిలోనే అమ్మకు మళ్ళీ నెలలు నిండకుండా నొప్పులొచ్చాయి. తెల్లవారుజామున తమ్ముడు పుట్టాడు. మంత్రసానమ్మ వాణ్ణి పాత చీరలో చుట్టి, ఒళ్ళు చల్లబడనివ్వకండని చెప్పి, ఎవరి కళ్ళల్లోకీ చూడకుండా వెళ్ళిపోయింది. మధ్యాహ్నం అవుతుండగా నాయనమ్మ వాడి గుండె మీద చెవి పెట్టి విని, లేచి చెప్పులు వేసుకుంది. ఫాదర్‌ను పిలుచుకొస్తాను, అప్పటిదాకా ఆగుతాడు అంది. అని, గల్లీ మొదట్లో రిక్షా ఎక్కింది. మా నాయనమ్మ రిక్షా ఎక్కడం నేను అంతకు ముందు ఎన్నడూ చూడలేదు. స్టేషన్ నుంచి సామాను నెత్తిన పెట్టుకుని నడిచే మనిషి.

ఇంట్లో అమ్మ, నేను, పసివాడు. వెనక గదిలో కాకా. వడగాలికి కిటికీ రెక్క కొట్టుకుంటోంది. కొంతసేపటికి తమ్ముడి పెదవులు నల్లబడటం మొదలైంది. అమ్మకు లేచి కూర్చునే ఓపిక లేదు, చాలా రక్తం పోయింది. నీళ్ళు పోయమని నన్ను సైగ చేసింది. నేను కుండలోంచి గ్లాసుతో నీళ్ళు ముంచాను. చెవి మెలిపెట్టించుకుని నేర్చుకున్న మాటలే, ఒక్కటీ నాలుక మీదికి రాలేదు. గ్లాసు ఒరిగి నీళ్ళన్నీ నేల మీద ఒలికిపోయాయి. అమ్మ ఏడవలేదు. గోడ దగ్గర నిలబడినప్పుడు ఎట్లా చూసేదో అట్లా చూసింది.

వెనక గది తలుపు తెరుచుకుంది. కాకా ముందు గదిలోకి వచ్చాడు. కిటికీలోంచి జవాన్ల కుర్చీలు కనబడుతున్నాయి, అంటే వాళ్ళకు మేమూ కనబడతాం. ఆయన అటు చూసి కూడా ఆగలేదు. నా చేతిలో గ్లాసు తీసుకున్నాడు.

"వదినా, నేను నమ్మను. తెలుసు గద."

"నువ్వు నమ్మకు అన్నా," అంది అమ్మ. "మేం చేసేది చెయ్యి. చాలు."

ఆయన కుండ దగ్గరికి పోయి గ్లాసు కడిగాడు. నీళ్ళు ముంచాడు. ఏం పేరని అడిగితే అమ్మ ఒక పేరు చెప్పింది. ఆ పేరు మా ఇంటి వాళ్ళది, ఇక్కడ రాయను. కాకా ఒక చేత్తో తమ్ముడి తల పట్టుకుని, మూడుసార్లు నీళ్ళు పోస్తూ, పిత, పుత్ర, పవిత్రాత్మ నామమున అని, ఒక్క మాట జారకుండా, తొందర లేకుండా చెప్పాడు. మిల్లు గేటు ముందు అరిచే గొంతు అది. ఆ రోజు అంత మెల్లగా పలికింది. తమ్ముడు ఇంకాసేపు ఊపిరి పీల్చి, అమ్మ ఒడిలోనే ఆగిపోయాడు. అప్పటికి కాకా మళ్ళీ వెనక గదిలోకి వెళ్ళి తలుపు వేసుకున్నాడు.

నాయనమ్మ, ఆమె వెనక సైకిలు మీద ఫాదర్ వచ్చేసరికి అంతా అయిపోయింది. ఫాదర్ మోకరించి చూసి, నీళ్ళు పడ్డాయా అని అడిగాడు. పడ్డాయంది అమ్మ.

"ఎవరు పోసిరి?"

అమ్మ నా వైపు చూసింది. పేరు చెబితే ఆ మనిషి ఈ ఇంట్లోనే ఉన్నాడని తెలిసిపోతుంది. అట్లాంటి పార్టీవాళ్ళకు వ్యతిరేకంగా పీఠం ముందు చదివిన ఫాదరే ఎదురుగా ఉన్నాడు. వీధి చివర జవాన్లు ఉన్నారు. అమ్మ తానే పోశానంది. ఫాదర్ ఆమె చేతుల వైపు చూశాడు. తల కూడా ఎత్తలేని మనిషి. ఆయన కఠినుడు గాని క్రూరుడు కాదు, ఆ సంగతి ఇప్పుడు ఒప్పుకుంటాను. ఎవరు పోసిందీ, ఏమని చెప్పిందీ, ఏమనుకుని చేసిందీ తెలియనిదే గోడ లోపల గుంట తీయించడం తన చేతిలో లేదని మెల్లగా చెప్పాడు. అమ్మ ముఖాన్ని గోడకు తిప్పుకుంది. నాయనమ్మ కొంగు నోట్లో కుక్కుకుంది. ఆమె అట్లా చేయడం కూడా నాకు కొత్తే.

అప్పుడు తలుపు మళ్ళీ తెరుచుకుంది.

"నేను పోసిన ఫాదర్."

ఇద్దరూ ఒకరినొకరు గుర్తు పట్టారు. ఫాదర్ లేచి నిలబడ్డాడు. పరిహాసమునకు పోసితివా అని అడిగాడు. లేదన్నాడు కాకా. దేవుడు కలడని తలచి పోసితివా అని అడిగాడు. అవునంటే అక్కడితో అయిపోయేది. అమ్మ కళ్ళు అవునను అని బతిమాలుతున్నాయి. ఆ ఒక్క మాట అబద్ధమైతే ఎవరికి నష్టం? నేను కూడా మనసులో అదే కోరుకున్నాను.

"లేదు," అన్నాడు కాకా. "నాకు అట్ల అనిపియ్యలే. వీళ్ళు ఏం చేస్తరో గదే చెయ్యాలె, జర గూడ తక్కువ చెయ్యొద్దు అనుకున్న. గంతే."

కాదు, చెల్లదు అనడానికి ఫాదర్‌కు ఎన్ని దారులున్నాయో నాకు పెద్దయ్యాక తెలిసింది. తనను గేటు ముందు నిలబడి వెక్కిరించిన మనిషి చేతి నీళ్ళు అవి. ఆయన చివరికి, "చాలును. జ్ఞానస్నానము చెల్లినది," అన్నాడు. అని కిందికి వంగి తమ్ముడి నుదుటి మీద సిలువ గుర్తు వేశాడు. ఒకసారి చెల్లినదాన్ని రెండోసారి ఇవ్వరు కాబట్టి మళ్ళీ నీళ్ళు మాత్రం పోయలేదు.

పొద్దు గుంకకముందే తీసుకుపోవాలి. తమ్ముణ్ణి ఉంచిన పెట్టెను తండ్రి మోయాలి, తండ్రి జైల్లో ఉన్నాడు. నాయనమ్మ తానే ఎత్తుకోబోయింది. కాకా ఆమె చేతుల్లోంచి తీసుకున్నాడు. నువ్వు పోకు కొడుకా, బయట ఉన్నారు అని ఆమె చేయి పట్టుకుంది. వెళ్ళి వస్తా అవ్వా అన్నాడు. గల్లీ చివర జవాన్లు చిన్న పెట్టెను చూసి లేచి నిలబడి టోపీలు తీశారు. ఒకడు, "కిస్కా బచ్చా హై అమ్మా?" అని అడిగాడు. "మేరా పోతా. ఇస్కే బాప్‌కో తుమీచ్ లేకో గయే," అంది నాయనమ్మ, ఆగకుండా నడుస్తూనే. నా మనవడు, వీడి తండ్రిని మీరే కదా తీసుకుపోయింది అని. వాడు తల దించుకున్నాడు. పెట్టె మోస్తున్న మనిషి ముఖం చూడలేదు.

తమ్ముణ్ణి గోడ లోపల పెట్టారు. మన్ను పోశాక ఫాదర్ సమాధుల తోట వెనక గేటు గొళ్ళెం తానే తీసి పక్కకు జరిగాడు. కాకా రైలు పట్టాల వైపు వెళ్ళాడు. ఆ తర్వాత ఆయన సంగతి ఎవరికీ తెలియలేదు. బాపు విడుదలై వచ్చి చాలా చోట్ల వెతికాడు, ఠాణాల్లో కూడా అడిగాడు. ఎక్కడా జాడ లేదు. ఆ ఎండలో పట్టాల వెంట చిన్నదవుతూ పోయిన వీపే నాకు ఆయన గురించి తెలిసిన చివరి సంగతి.

ఆ తర్వాతి ఆదివారం ఫాదర్ ఆ కట్టడినే మళ్ళీ చదివాడు. ఒక్క ముక్క తగ్గించలేదు. బాపు విడుదలై వచ్చాక మళ్ళీ తలుపు దగ్గరే నిలబడ్డాడు. అమ్మ మాత్రం ఆ ఏడాది నవంబరులో గోడ దగ్గరికి పోలేదు, కొవ్వొత్తి పట్టుకుని లోపలికి నడిచింది.

క్యాథలిక్ అయి ఉండి కమ్యూనిస్టు కావచ్చా అని కాలేజీలో చదివే మా మనవరాలు మొన్న అడిగింది. అయిదో తరగతి దాటని నన్ను అడిగే ప్రశ్నేనా అది. మా బాపు ఆ కార్డుతోనే పోయాడు, తలుపు దగ్గరినుంచి ముందుకు రాకుండానే పోయాడు. మా తమ్ముడికి జ్ఞానస్నానం ఇచ్చింది దేవుణ్ణి నమ్మనివాడు, అది ఈనాటికీ చెల్లుతుంది. ఇవి రెండూ పక్కపక్కన పెట్టి చూసుకో అన్నాను. మనవరాలికి అది చాలలేదు. నాకు కూడా చాలదు.

నేను ఆ రోజు నుంచి పట్టుకున్నది ఒక్క అలవాటు, ఇంకొకరి నమ్మకపు పని చేయవలసి వస్తే వాళ్ళు చేసినట్టే, ఏమాత్రం తక్కువ కాకుండా చేయడం. రంజాన్ నెలలో ఫూఫీ అని పిలిచే పక్కింటి ముసలావిడకు చేతులు నొప్పులని ఇఫ్తార్ పండ్లు నేను కోసి ఇస్తాను. పుచ్చకాయ తియ్యగా ఉందో లేదో ఒక్క ముక్క నోట్లో వేసుకుని చూడమని, నీకేం రోజా ఉపవాసం లేదు కదా అని ఆవిడే అంటుంది. నేను చేతులు కడుక్కుని కూర్చుని కోస్తాను. మసీదులో అజాన్ వినపడేదాకా ఒక్క ముక్క ముట్టను.