నూకన్న పడవెక్కిన ప్రోగ్రాం

మా దీవిలో జంగ్లీఘాట్ పేట భాను తన మేనేజర్ ఫోన్ లాక్కుని జెట్టీ మీంచి సముద్రంలోకి విసిరేసిందని ఒక మాట ఉంది. చూసినవాళ్ళు లేరు. మునుగుతూ కూడా ఆ ఫోన్ మోగిందని చెప్పేవాళ్ళు మాత్రం మా వీధిలోనే పదిమంది. మొదటిదాన్ని నేనే.

భాను చేపలమ్మే కామమ్మ కూతురు. మిడిల్ పాయింట్‌లో పడవ టికెట్ల కంపెనీలో కంప్యూటర్ పని. టికెట్ల ప్రోగ్రాం పైథాన్ అనే కంప్యూటర్ భాషలో ఉంది. అది జావా అనే ఇంకో భాషలో రాసిన ప్రోగ్రాంని పిలుస్తుంది. జావా వెళ్ళి క్లౌడ్ సర్వర్‌కి పాస్‌వర్డ్ లాంటి రహస్య తాళంచెవి చూపించి వివరాలు తేవాలి. భాను విడిగా నడిపితే జావాకి తాళంచెవి దొరుకుతోంది. పైథాన్ పిలిస్తే లేదంటోంది. మూడు రోజులు ఇదే గోల. కీబోర్డు మీద అక్షరాలన్నీ అరిగిపోయాయట.

మేనేజర్ ప్రవీణ్‌కుమార్, తాళంచెవిని ప్రోగ్రాంలోనే రాసి పడేయమన్నాడు. సాయంత్రంలోగా కాకపోతే పని చెన్నైకి, ఆమె ఇంటికి అన్నాడు.

"ప్రోగ్రాం చూసినోళ్ళందరికీ తాళంచెవి దొరికిపోద్ది సార్. నేను రాయను. తీసేస్తే తీసేయండి" అని భాను అన్నానికి ఇంటికొచ్చేసింది.

ఇంట్లో ఇంకో యుద్ధం. తండ్రి బంగారురాజు తన పడవ ఇంజన్ చెడిపోయి, ఆ రోజు పక్కింటి నూకన్న పడవలో వేటకెళ్ళాడు. గస్తీవాళ్ళు గుర్తింపు కార్డు అడిగితే చూపించలేక ఉత్త చేతుల్తో తిరిగొచ్చాడు.

"కార్డు ఎప్పుడూ నా పడవ పెట్టెలోనే ఉంటాది గదే" అన్నాడు.

"ఎక్కింది నూకన్న పడవ. నీ పెట్టె నీ ఎనకాల ఈదుకుంటూ వస్తాదేటి?" అంది కామమ్మ.

భాను చేతిలో ముద్ద కంచంలో వదిలేసి లేచింది. ఆటో కన్నా ముందే మిడిల్ పాయింట్ చేరిందంటారు.

సంగతి అదే. భాను నడిపితే జావా తాళంచెవి కోసం భాను ఫోల్డర్‌లో వెతుకుతోంది. టికెట్ల ప్రోగ్రాం సర్వర్‌లో వేరే యూజర్ పేరు మీద నడుస్తుంది. అది పిలిచినప్పుడు జావా ఆ యూజర్ ఫోల్డర్‌లో వెతుకుతోంది, అక్కడేమో ఖాళీ. ఆ యూజర్‌కి విడిగా తాళంచెవి ఇప్పించి, వాడి ఫోల్డర్‌లో పెట్టి, ఇంకెవరూ తెరవకుండా కట్టడి చేసింది. నాలుగింటికల్లా టికెట్లు నడిచాయి. చెన్నై మాట ప్రవీణ్‌కుమార్ మళ్ళీ ఎత్తలేదు.

ఇదంతా రాసి భానుకే చదివి వినిపించాను. చేతులు కట్టుకుని వింది.

"అంతా అబద్ధం దీదీ. ఫోన్ లేదు, గొడవ లేదు. నాన్నని చూసి నేర్చుకున్నానా? నాకు ముందే తెలుసు" అంది.