సబ్బు మాట ఎత్తని సర్వే

మొన్న శనివారం ఏం జరిగిందో చెప్తే మీరు నమ్మరు. మా ప్రొఫెసర్ల ముందు, ఒక బస్తీ మొత్తం ముందు, అన్నిటికంటే ముఖ్యంగా మా నాన్న ముందు, నాకు చేతులు కడుక్కోవడం నేర్పించారు. చప్పట్లతో సహా! నాకు ఇరవై ఏళ్ళు. చదివేది గ్లోబల్ హెల్త్. నవ్వకండి, టీ పొలమారుతుంది. మొదట్నుంచీ చెప్తాను.

ముందు నా డిగ్రీ గురించి చెప్పాలి. గ్లోబల్ హెల్త్ అండ్ డెవలప్‌మెంట్, సెకండ్ ఇయర్. పొద్దున ఒక క్లాసులో దోమలు, ఆ తర్వాత ఎకనామిక్స్, లంచ్ అయ్యాక ఆంత్రోపాలజీ, అంటే మనుషుల మధ్య కూర్చుని వాళ్ళెలా బతుకుతున్నారో తెలుసుకోవడం. జబ్బు ఎందుకొచ్చిందో తెలియాలంటే ఒంటిని చూస్తే చాలదు, వాళ్ళింటి కుళాయినీ, పనినీ, బస్సు రూటునీ కూడా చూడాలి అంటుంది మా చదువు. నాకైతే చాలా ఇష్టం. కానీ ఇదంతా హఫీజ్‌పేటలో మా అపార్ట్‌మెంట్ లిఫ్టులో చెప్పడానికి టైము సరిపోదు. అదీ మా నాన్న బాధ.

మేముండేది ఐదో ఫ్లోరు. మూడో ఫ్లోర్లో ప్రతాపరెడ్డి అంకుల్ ఉంటారు, కడప ఆయన, రియల్ ఎస్టేట్ బిజినెస్. లిఫ్టులో కనిపిస్తే చాలు.

"ఏం సార్, పాప ఏం సదువుతాంది?"

"గ్లోబల్ హెల్త్ అండి," అంటారు నాన్న, నేలచూపులు చూస్తూ.

"అంటే డాక్టరే గదా! పాపా, ఈ మోకాలు రవంత జూడు. మెట్లెక్కితే టక్కుటక్కుమంటాంది."

"డాక్టర్ కాదండి."

"మరి నర్సింగా?"

"అదీ కాదండి."

"మరేంది సార్?"

సరిగ్గా అప్పుడే మూడో ఫ్లోర్ వచ్చేస్తుంది. ఆయన దిగిపోతారు, నాన్న నా వైపు చూస్తారు. మిగతా రెండు ఫ్లోర్లూ మౌనం. నాన్న ఇరిగేషన్‌లో ఇంజినీరు. ఏం చేస్తారని ఎవరైనా అడిగితే "కాలవలు" అని ఒక్క మాటలో చెప్పేస్తారు. కూతురి గురించి అలాంటి ఒక్క మాట ఆయనకు రెండేళ్ళుగా దొరకలేదు. అందుకని ఈ మధ్య కొత్త పాట ఎత్తుకున్నారు. "ఇప్పటికీ మించిపోలేదమ్మా. నా ఫ్రెండు వాళ్ళ కాలేజీలో మాట్లాడాను. జూన్‌లో హాయిగా బీటెక్‌లో చేరిపోవచ్చు."

నేను గొడవ పెట్టుకుంటే ఆఖరికి రాజీకొచ్చారు. నా ఫీల్డ్ ప్రాజెక్టు ఫలితాలు బస్తీ వాళ్ళకే చెప్పే మీటింగ్ ఉంది, తల్లిదండ్రులు కూడా రావచ్చు. "వస్తాను. నువ్వు చదివేదేంటో నా కళ్ళతో చూస్తాను. అప్పుడు మాట్లాడుకుందాం," అన్నారు. అంటే ఆ ఒక్క మీటింగ్ మీదే నా థర్డ్ ఇయర్ ఆధారపడి ఉందన్నమాట!

ఇక ప్రాజెక్టు. హైటెక్ సిటీలో అద్దాల బిల్డింగుల వెనక పాత బస్తీ ఒకటుంది. అందులో మా క్లాసువాళ్ళం తలా ఒక ఇంట్లో మూడు గంటలు కూర్చుని, ఎవరెప్పుడు చేతులు కడుక్కుంటున్నారో చూసి ఫారంలో రాయాలి. చేతుల కోసం వచ్చామని మాత్రం చెప్పకూడదు. ఇంటి పనులు ఎలా సాగుతాయో చూస్తామని చెప్పి, ఒప్పుకుంటేనే కూర్చోవాలి. అసలు సంగతి చివర్లో మీటింగ్‌లో చెప్తాం. ముందే చెప్తే అందరూ మొహమాటానికి కడిగేస్తారు కదా, చుట్టాలొస్తున్నారంటే దుప్పటి మార్చినట్టు.

పబ్లిక్ హెల్త్ చెప్పే అనసూయ మేడమ్ ఒక రూలు పెట్టారు. "నీళ్ళు, సబ్బు, చేతులు. ఈ మాటలు మీ నోట రాకూడదు. మీ వల్ల వాళ్ళ అలవాటు మారితే ఆ ఫారం చెత్తబుట్టకే."

ఆంత్రోపాలజీ చెప్పే మూర్తి సార్ ఇంకో రూలు పెట్టారు. "పెట్టింది తినండి. వద్దంటే చిన్నబుచ్చుకుంటారు, తర్వాత మీతో ఏదీ మనసు విప్పి చెప్పరు."

రెండూ బంగారం లాంటి రూల్సే. రెండిటినీ పక్కపక్కన పెట్టి చూసుకోవాలని మాత్రం ఆ ఇద్దరికీ తోచలేదు. క్లాసులో ఫస్టొచ్చే నాకూ తోచలేదు. నేనసలే రూలు కనబడితే కళ్ళకద్దుకునే రకం.

ఆ రోజు ఎంఎంటీఎస్‌లో హైటెక్ సిటీ స్టేషన్‌లో దిగి షేర్ ఆటో ఎక్కాను. వెనక సీట్లో నలుగురం. పడిపోకుండా ముందున్న రాడ్ పట్టుకున్నా. దిగి చూసుకుంటే అరచెయ్యి నల్లగా ఉంది. ఎలాగూ చేతులతో పనిలేదు, కూర్చుని రాయడమే కదా అనుకున్నా. చూశారా తెలివి!

నాకిచ్చిన ఇల్లు యాదమ్మగారిది. యాభై దాటి ఉంటాయి. ఐటీ ఆఫీసులో హౌస్‌కీపింగ్ చేస్తారు, పొద్దున షిఫ్టు. ఇంట్లో ఆమె, ఆమె మనవరాలు సిరి. సిరికి ఐదేళ్ళు, క్షణం కాలు నిలవదు. నేను ఓ మూల పీట మీద కూర్చుని ఫారం తీశాను.

మొదటి గంట అద్భుతం. యాదమ్మగారు బియ్యప్పిండి కలిపే ముందు చేతులు కడిగారు, కలిపాక కడిగారు. సిరి మట్టిలో ఆడొచ్చి తనంతట తనే పెరట్లో కుళాయి దగ్గరికెళ్ళి కడుక్కుంది. సబ్బుతో! టిక్, టిక్, టిక్. నాకైతే ఆనందం పట్టలేదు.

అప్పుడు సర్వపిండి దింపారు. పల్లీలు, నువ్వులు, కరివేపాకు వేసి గిన్నెకద్ది ఎర్రగా కాల్చిన సర్వపిండి! వాసనకే సగం ఫారం మర్చిపోయాను. యాదమ్మగారు ఒక చేత్తో ప్లేటు, ఒక చేత్తో చెంబు పట్టుకొచ్చారు.

"చెయ్యి కడుక్కో బిడ్డా, తిందువు."

నేను కడుక్కుంటే? నన్ను చూసి వాళ్ళు ఇంకాస్త ఎక్కువ కడిగితే? ఫారం చెత్తబుట్టలోకి! తిననంటే? మూర్తి సార్ రూలు! మీటింగ్‌కి నాలుగు రోజులే ఉన్నాయి, ఇంకో ఇంట్లో మళ్ళీ కూర్చునే టైము లేదు. నా కళ్ళ ముందు బీటెక్ క్లాసురూం కనబడింది.

"వద్దమ్మా, పర్లేదు," అన్నాను నవ్వుతూ.

"ఏందీ?"

"పర్లేదమ్మా. ఇలాగే తినేస్తాను."

ఆమె నా అరచెయ్యి చూశారు. నా ముఖం చూశారు. మళ్ళీ అరచెయ్యి చూశారు. ఇంటికొచ్చిన మనిషిని ఏమంటాం అనుకున్నారేమో, చెంబు మెల్లిగా నేలమీద పెట్టేశారు. నేను ఆ నల్ల చేత్తోనే సర్వపిండి తుంచుకుని తిన్నాను. బ్రహ్మాండంగా ఉంది. తిన్నాక కడగాలి కదా? అదీ కుదరదు! వేళ్ళు టిష్యూతో తుడుచుకుని, అదే ఎంగిలి చేత్తో పెన్ను పట్టుకుని రాయడం మొదలుపెట్టాను. యాదమ్మగారు కళ్ళు మూసుకున్నారు. పాపం, చూడలేకపోయారు.

సిరి మాత్రం అన్నీ చూస్తోంది. వాళ్ళ నానమ్మ "దా, చెయ్యి కడుక్కొని తిందువు" అని పిలిస్తే అది నా వైపు వేలు చూపించింది.

"అక్క కడుక్కోలే కద! నేను గూడ కడుక్కోను!"

కడుక్కోలేదు. తినేసింది. నేనేం చేశాను? చూసింది చూసినట్టు రాయాలి కదా, సిరి పేరెదురుగా సున్నా వేశాను. తర్వాత చాయ్‌తో బిస్కెట్ వచ్చింది. నేను కడగలేదు, సిరి కడగలేదు, ఇంకో సున్నా. జామకాయ వచ్చింది, మరో సున్నా. దానికి అంతకుముందు పెట్టిన టిక్కులన్నీ మట్టిలో ఆడొచ్చినవి. తినే ముందు అన్న గడిలో మాత్రం మూడుకు మూడూ సున్నాలే. ఆ సున్నాలకు కారణం ఆ గదిలోనే పీట మీద కూర్చుని జామకాయ కొరుకుతోందని నాకు తట్టనేలేదు!

మర్నాడు నా కడుపు నాకు కొన్ని విషయాలు వివరంగా చెప్పింది. మా వీధి చివర క్లినిక్‌లో డాక్టరుగారు పొట్ట నొక్కి చూస్తూ, "ఏం చదువుతున్నావమ్మా?" అని అడిగారు. "గ్లోబల్ హెల్త్ సార్," అన్నాను. ఆయన కళ్ళజోడు పైనుంచి నన్నోసారి చూసి ఓఆర్ఎస్ రాసిచ్చారు. అమ్మేమో బయట తిండి వల్లే అంది. యాదమ్మగారి సర్వపిండికి ఏ పాపమూ తెలియదని నాకు తెలుసు. అయినా నోరు విప్పలేదు.

శనివారం వచ్చింది. బస్తీ కమ్యూనిటీ హాలు. చివరి వరసలో ప్లాస్టిక్ కుర్చీలో నాన్న, టక్ చేసుకుని, చేతులు కట్టుకుని. మేమెందుకొచ్చామో అనసూయ మేడమ్ అందరికీ అసలు సంగతి చెప్పారు. "ఓహో, చేతుల కోసమా!" అని అందరూ నవ్వుకున్నారు. తర్వాత నా వంతు. నాన్న వింటున్నారని గొంతు కాస్త పెంచాను కూడా.

"పెద్దలు చాలా బాగా కడుక్కుంటున్నారండి. సమస్యల్లా పిల్లలతోనే. ఎవరిల్లో చెప్పను గానీ, ఒక ఇంట్లో ఐదేళ్ళ పాప, సర్వపిండి తినేముందు కూడా..."

ఆ వారంలో ఆ బస్తీలో సర్వపిండి చేసింది ఒక్కరే అని నాకేం తెలుసు?

మధ్య వరసలో ఒక మనిషి లేచి నిలబడ్డారు. షిఫ్టు దిగి సరాసరి వచ్చినట్టున్నారు, ఇంకా యూనిఫాంలోనే ఉన్నారు. యాదమ్మగారు!

"ఏమన్నవ్ బిడ్డా? మా సిరి కడుక్కోదా?" అందరి తలలూ ఆమె వైపు తిరిగాయి. "ఊరందరి ముందట నా మనుమరాలిని బద్నాం చేస్తున్నవా? అది దినాం కడుక్కుంటది. నేనే నేర్పిన. ఆ దినం ఎందుకు కడుక్కోలేదో గది చెప్పు!"

ఆమె మూర్తి సార్ వైపు తిరిగారు.

"నేను చెంబు దెచ్చి ఇచ్చిన సారూ. వద్దన్నది! చెయ్యి జూస్తే నల్లగ బొగ్గు లెక్క ఉన్నది. గట్లనే తిన్నది. ఎంగిలి చెయ్యితోనే రాసింది! దాన్ని జూసి మా పిల్ల నేను గూడ కడుక్కోనన్నది. మీ ఫారంల మా సిరి పేరున్నది. ఈ పిల్ల పేరున్నదా?"

హాలు నవ్వుతో ఊగిపోయింది. నాకు మాత్రం భూమి చీలితే బాగుండుననిపించింది. నాన్న వైపు చూసే ధైర్యం లేదు. అనసూయ మేడమ్ నా పక్కకొచ్చి మెల్లిగా అడిగారు.

"లహరీ, నువ్వు తిన్నావా?"

"తిన్నాను మేడమ్. మూర్తి సార్ తినమన్నారు."

"కడుక్కోకుండానా?"

"మీరు చేతుల మాట ఎత్తొద్దన్నారు మేడమ్."

మేడమ్ మూర్తి సార్ వైపు చూశారు. మూర్తి సార్ సీలింగ్ ఫ్యాన్ వైపు చూశారు.

అప్పుడు నాకు నిజంగా సిగ్గేసింది. అందరూ నవ్వుతున్నందుకు కాదు. యాదమ్మగారు ఇన్నేళ్ళు కూర్చోబెట్టి నేర్పిన మంచి అలవాటును నేను మూడు గంటల్లో చెడగొట్టి, నింద మాత్రం ఐదేళ్ళ పిల్ల మీద వేశాను. మైకు మళ్ళీ నోటి దగ్గర పెట్టుకున్నాను. "యాదమ్మగారు చెప్పింది నిజమండి. సున్నాలు పడాల్సింది నాకు. సిరి మంచి పిల్ల. సారీ సిరీ," అన్నాను. సిరి వాళ్ళ నానమ్మ వెనక నుంచి తొంగి చూసి, "అక్కా, ఇప్పుడన్న కడుక్కున్నవా?" అంది.

ఇక యాదమ్మగారు ఊరుకుంటారా! కోపం అప్పటికే కరిగిపోయింది గానీ, పని మధ్యలో వదిలే మనిషి కాదు. నన్ను చెయ్యి పట్టుకుని హాలు గుమ్మం పక్కనున్న కుళాయి దగ్గరికి నడిపించారు. జనమంతా వెనకాలే. ఆఫీసులో వాళ్ళకు ట్రైనింగ్ ఇచ్చారట, సబ్బు రాసి ఒక్కో స్టెప్పూ చేయించారు. "అరచెయ్యి. ఇగ ఎనక దిక్కు. వేళ్ళ సందుల. గోర్లు బిడ్డా, గోర్లు! జర మంచిగ రుద్దు, ఎవలు తరుముతలేరు." సిరి అంకెలు లెక్కపెట్టింది. ఇరవైకి అందరూ చప్పట్లు కొట్టారు. తలెత్తి చూస్తే గుంపులో ముందు వరసలో నాన్న. ముఖంలో ఏమీ లేదు.

తిరిగొచ్చేటప్పుడు బండి మీద నాన్న ఒక్క మాట మాట్లాడలేదు. కొండాపూర్ సిగ్నల్ దగ్గర ఆయన భుజాలు కదిలినట్టనిపించింది. కోపమేమో అనుకున్నాను. మనసులోనే థర్డ్ ఇయర్‌కి వీడ్కోలు చెప్పేసి, బీటెక్‌లో ఏ బ్రాంచి తీసుకుంటే తక్కువ ఏడుపొస్తుందా అని ఆలోచిస్తూ కూర్చున్నాను.

అపార్ట్‌మెంట్‌కి వచ్చాం. లిఫ్టు తలుపు తెరుచుకుంది. లోపల ఎవరు? ప్రతాపరెడ్డి అంకుల్, ఎక్స్‌రే కవరుతో!

"ఏం సార్, అడుగుతానే ఉండా, మీరు జెప్పనే జెప్పరు. పాప సదివేది ఏంది సార్?"

నేను కళ్ళు మూసుకున్నాను. నాన్న ఈసారి నేలచూపులు చూడలేదు. గొంతు సవరించుకున్నారు.

"చేతులు కడుక్కోవడం అండి."

"ఏందీ?"

"అవునండి, చేతులు కడుక్కోవడం. ఇవాళే వెళ్ళి స్వయంగా చూసొచ్చాను. చాలా పెద్ద సబ్జెక్టండి అది, మనం అనుకున్నంత తేలిక కాదు." నా వైపు తిరిగి, నా రెండు చేతులూ అటూ ఇటూ తిప్పి చూశారు. "రెండేళ్ళయింది, మా అమ్మాయికి ఇంకా పూర్తిగా రాలేదు. థర్డ్ ఇయర్ కూడా చదివించాల్సిందే."