పళ్ళ ఆసుపత్రిలో చేపల తొట్టి

మా ఆసుపత్రికి రోజూ అందరికంటే ముందు వచ్చేది పెద్దమ్మ. నాకు వరసకు పెద్దమ్మేమీ కాదు. డాక్టరుగారు ఈ ఆసుపత్రి పెట్టిన రోజు నుంచీ ఉన్న మనిషి కాబట్టి నేనలా పిలుస్తాను, పిల్లలు అమ్మమ్మ అంటారు. నేను గుమ్మం పక్కన బల్ల దగ్గర కూర్చుని పేర్లు రాసుకుంటాను. ఇది పిల్లల పళ్ళ ఆసుపత్రి. అందుకని నా ఉద్యోగంలో సగం పేర్లు రాయడం, సగం ఏడుపులు వినడం. నాకు ఓపిక తక్కువని మా ఆయన అంటాడు. ఆ మాటైనా ఓపిగ్గా అనడు.

పెద్దమ్మ అసలు పని లోపల ఉండేది. డాక్టరుగారు చెయ్యి చాపితే చాలు, ఏం కావాలో అడగకుండానే అందించేది. మూడేళ్ళ కిందట ఆవిడ చేతులు వణకడం మొదలైంది. కొన్నాళ్ళు ఆవిడ దాచింది, కొన్నాళ్ళు డాక్టరుగారు చూడనట్టు ఊరుకున్నారు. ఒకరోజు నోట్లో పెట్టి చూసే చిన్న అద్దం జారిపడి పగిలింది. మర్నాటి నుంచి ఆవిడను వెయిటింగ్ హాల్లోకి మార్చారు. అక్కడ చెయ్యడానికి పనేమీ లేదు. నాలుగు రోజుల తరవాత డాక్టరుగారు రెండడుగుల గాజు తొట్టి ఒకటి తెప్పించి, "దీన్ని మీరే చూసుకోవాలమ్మా" అన్నారు.

చూసుకుంది. కానీ చేపలను ఎంచుకోవడంలో పప్పులో కాలేసింది. వచ్చిన ప్రతి పిల్లకూ పిల్లాడికీ తనదంటూ ఒక చేప ఉండాలని ఆవిడ ఆశ. ఎర్రది నాది, తోకది నాది అనుకుంటూ కూర్చుంటే లోపలి సూదిని మరిచిపోతారని. అందుకని రంగుకొకటి, రకానికొకటి కొనుక్కొచ్చింది. ఒక గోల్డ్ ఫిష్, ఒక ఫైటర్, విసనకర్ర తోక గప్పీ ఒకటి, నల్లచారల టైగర్ బార్బ్ ఒకటి, నీలంగా మెరిసే బుల్లి నియాన్ ఒకటి. ఏదైనా పోతే ఇంకో కొత్త రకం తెచ్చేది. పోవడం మాత్రం ఆగలేదు. ఒకరోజు గప్పీకి తోక లేదు, ఇంకోరోజు గప్పీయే లేదు.

ఒక సోమవారం పొద్దున్న ఏడెనిమిది మంది పిల్లల ముందు ఫైటర్ వెల్లకిలా తేలింది. ఒకడు మొదలుపెట్టాడు, మిగతావాళ్ళు అందుకున్నారు. ఆ ఏడుపులన్నీ నా నెత్తిమీదకే వచ్చాయి. మధ్యాహ్నం డాక్టరుగారి గదిలోకి వెళ్ళి, "ఆ తొట్టి తీసేసి గోడకి టీవీ పెట్టిస్తే పీడా పోతుంది సార్" అన్నాను. ఆయన "ఇంకొక్కటి పోతే అలాగే చేద్దాం" అన్నారు. వెనక్కి తిరిగితే గుమ్మంలో పెద్దమ్మ, చేతిలో నీళ్ళ మగ్గు.

సాయంత్రం ఆవిడ నా బల్ల దగ్గరికొచ్చి నిలబడింది.

"తొట్టి తీసేస్తే ఇంక నన్నెందుకు ఉంచుతారమ్మాయీ?"

ఆ సంగతి నాకు తట్టనే లేదు. తట్టకపోవడమే నా తప్పు. "అదేం లేదు పెద్దమ్మా" అన్నాను కానీ, ఆ మాట నాకే నమ్మకంగా వినిపించలేదు. ఆదివారం ఆవిడను వెంటబెట్టుకుని మంచి చేపల కొట్టు వెతుక్కుంటూ బయలుదేరాను. మిగిలిన గోల్డ్ ఫిష్‌నూ బార్బ్‌నూ చెరో నీళ్ళ డబ్బాలో పట్టుకెళ్ళాం.

ఆ కొట్టాయనను అందరూ వద్దుగారు అంటారట. ఏ చేప చూపించినా ముందు వద్దంటాడు మరి. అమ్ముకునేవాడు వద్దనడం నేనెక్కడా చూడలేదు. మమ్మల్ని స్టూళ్ళ మీద కూర్చోబెట్టి, పెళ్ళివారిని ఆరా తీసినట్టు ఒక్కొక్కటే అడిగాడు. తొట్టి ఎంత, నీళ్ళు ఎప్పుడెప్పుడు మారుస్తారు, ఇప్పటిదాకా ఏమేం వేశారు. పెద్దమ్మ అన్నీ వరసగా చెప్పింది.

"నియాన్ ఏమైందక్కా?" అన్నాడు.

"కనబడటం లేదు తమ్ముడూ. రాళ్ళ సందులో దాక్కుందేమో."

"గోల్డ్ ఫిష్ కడుపులో దాక్కుంది. నోట్లో పట్టేది ఏదైనా దానికి తిండే. పైగా అది పెరిగితే మీ తొట్టిలో ఒళ్ళు తిప్పుకోడానిక్కూడా చోటుండదు."

"మరి ఫైటరు?"

"దానికి పెద్ద తోక ఎక్కడ కనపడినా పగే. గప్పీని చూసి ఇంకో ఫైటర్ అనుకుంది. ఈ చారలది ఫైటర్‌తో సహా వాటన్నిటి తోకలూ కొరికి చంపింది. దాని తప్పు కాదులెండి. తనవాళ్ళు ఏడెనిమిది మంది ఉంటే వాళ్ళలో వాళ్ళే తరుముకుంటారు. ఒక్కదాన్నే వదిలారు, ఊరిమీద పడింది."

అటువంటివాళ్ళు మా చుట్టాల్లో ఇద్దరున్నారు. పైకి చెప్పలేదు.

"మీ తొట్టికి నియాన్లే వేసుకోండి. పన్నెండు. ఇంకేం వద్దు" అన్నాడు వద్దుగారు.

పెద్దమ్మ ముఖం చిన్నబోయింది. "అన్నీ ఒక్కలాగే ఉంటే పిల్లలు ఏది తమదనుకుంటారు?"

"మీ పిల్లలకి ఒక్కో చేప కావాలి, నిజమే. చేపకి మాత్రం తన గుంపు కావాలక్కా."

ఆవిడ లేచి నియాన్ల తొట్టి ముందుకెళ్ళి నిలబడింది. కొట్టు కట్టేసే వేళవుతోందని నేను రెండుసార్లు గడియారం చూశాను. ఆవిడ చూడలేదు. చివరికి, "ఇవి దేనికీ బెదరడం లేదమ్మాయీ. ఇంతకాలం నేను బెదిరిన చేపల్ని తెచ్చి, బెదిరిన పిల్లలకి చూపించాను" అంది.

గోల్డ్ ఫిష్‌నూ బార్బ్‌నూ వద్దుగారు తన పెద్ద తొట్లలోకి తీసుకున్నాడు. నియాన్లు మాత్రం ఆరే ఇచ్చాడు. ఇవి కుదురుకున్నాక, రెండు వారాలకు మిగతా ఆరూ ఇస్తానన్నాడు. అప్పటిదాకా వారం వారం సీసాలో తొట్టి నీళ్ళు తెచ్చి పరీక్ష చేయించుకోవాలి. పెద్దమ్మ మందు సీసా పట్టుకున్నంత భద్రంగా తీసుకెళ్ళేది. రెండు వారాలూ ఆవిడకు అన్నం సయించలేదు. పొద్దున్నే తాళం తీయగానే ముందు నీటి పైభాగం చూసేది, తరవాతే దీపాలు వేసేది. ఒక్కటీ తేలలేదు. రెండో విడత ఆరూ వచ్చి గుంపులో కలిసిపోయాయి. మేత వేస్తుంటే ఆ వణికే చెయ్యి నూకంత పొడిని నీళ్ళ మీద సమంగా చల్లేది. నేను వేస్తే అంతా ఒకే చోట పడుతుంది.

పిల్లలు మొదట గొడవ చేశారు. ముందుపళ్ళు రెండూ లేని ఒక ఏడేళ్ళ పిల్ల, "నా గోల్డ్ ఫిష్ ఏది?" అని నిలదీసింది.

"దానికి ఇల్లు చాలక పెద్దింటికి వెళ్ళింది. ఇప్పుడున్నవి ఎన్నో చెప్పు చూద్దాం" అంది పెద్దమ్మ.

ఆ పిల్ల లెక్కపెట్టింది. తొమ్మిదంది, పదమూడంది. పక్కవాడు కాదన్నాడు. ఇద్దరూ గాజుకు ముక్కులానించి పోట్లాడుకుంటుండగానే లోపలి నుంచి పిలుపొచ్చింది. "తిరిగొచ్చి చెప్తా, వాడిని ఆపండి" అని ఆ పిల్ల తనంతట తనే నడిచి వెళ్ళింది. ఆ రోజు నుంచి మా హాల్లో అదే పని. కదిలేవాటిని లెక్కపెట్టడం అంత తేలిక కాదు. ఏడవడానికి ఎవరికీ తీరిక లేకపోయింది. నా తలనొప్పి మాత్ర ఒకటి డబ్బాలోనే మిగిలిపోయిందని మా ఆయనకు గొప్పగా చెప్పుకున్నాను.

ఇంకో పది రోజులకు టీవీ వచ్చింది. డాక్టరుగారు ముందే చెప్పిపెట్టారట. బిగించేవాడు నిచ్చెన వేసుకుని, "ఎక్కడ సార్?" అన్నాడు. డాక్టరుగారు తొట్టి ముందు నిలబడి వేలితో లెక్కపెట్టడం మొదలుపెట్టారు.

"పన్నెండని కదా చెప్పారు. పదకొండే ఉన్నాయే."

పెద్దమ్మ చప్పున వంగి నీటి పైభాగం చూసింది. అంతకుముందు సిమెంటు పెట్టించుకున్న పన్ను చూపించుకోవడానికొచ్చిన ఆ ఏడేళ్ళ పిల్లే నవ్వింది.

"అలా కాదు డాక్టర్ అంకుల్. మేతకి పైకొస్తాయి, అప్పుడు లెక్కపెట్టాలి."

పెద్దమ్మ మేత చల్లింది. మొక్క చాటున ఉన్నది కూడా వచ్చింది. పన్నెండు. డాక్టరుగారు నమ్మకం లేక ఇంకోసారి లెక్కపెట్టుకుని, నిచ్చెనవాడితో, "ఇక్కడొద్దు, మా ఇంట్లో పెట్టండి" అన్నారు.

"అయితే నన్ను ఉండమంటారా డాక్టరుగారూ?" అంది పెద్దమ్మ.

ఆయనకు అర్థం కాలేదు. నా వైపు చూశారు. నేను తల దించుకుని జరిగిందంతా చెప్పాను. నెల రోజులు ఆవిడను ఆ భయంలో ఉంచింది నా నోరేనని కూడా చెప్పాను.

డాక్టరుగారు ఆవిడ దగ్గరికొచ్చి చిన్నపిల్లకు చెప్పినట్టు చెప్పారు. "మీరున్నారని తొట్టి తెప్పించానమ్మా. తొట్టి ఉందని మిమ్మల్ని ఉంచుకోలేదు."

పెద్దమ్మ తువ్వాలుతో చేతులు తుడుచుకుంది, కళ్ళు కూడా తుడుచుకుంది. తరవాత నా వైపు తిరిగి, "ఎవరమ్మాయీ ఇప్పుడు లోపలికి వెళ్ళాల్సింది?" అంది.