రాజోలుకు ఒక పరీక్ష పెట్టె

రాజోలు వైపు వెళ్లేవారు రైల్లో నరసాపురం దాకా వెళ్లి, అక్కడ బస్సెక్కడం మేలు. హైదరాబాదులో రాత్రి బండి ఎక్కితే తెల్లారేసరికి దిగుతాం. చించినాడ వంతెన దాటితే కోనసీమే. ఈసారి నేను గోదావరి చూడ్డానికి వెళ్లలేదు. నా సంచిలో చీరల మధ్య హెచ్ఐవి పరీక్ష పెట్టె ఒకటి ఉంది. ఇంట్లో ఎవరికి వారు చేసుకునే రకం. ఒక స్వచ్ఛంద సంస్థలో పనిచేసే స్నేహితురాలిని బతిమాలి తెచ్చాను.

అది రాజోలులో ఉండే మా మార్తమ్మ పిన్ని కోసం. కువైట్‌లో డ్రైవరుగా చేసిన బాబాయి నిరుడు క్షయతో పోయాడు. ఆయనకి హెచ్ఐవి కూడా ఉందని ఆఖర్లో డాక్టరు చెప్పిన సంగతి పిన్ని నాకొక్కదానికే చెప్పింది. తనకి ఉందో లేదో తెలియాలి. దగ్గరి ఆస్పత్రికి మాత్రం వెళ్లనంది. అక్కడ వాళ్ల చర్చి మనిషే పనిచేస్తోంది.

ఏడు గంటల బస్సులో నా పక్క సీటాయన మలికిపురం కొబ్బరి వ్యాపారి. కాయ ధర ఎలా పడిపోయిందో చెప్పి, "ఎవరింటికండీ?" అన్నాడు. చెప్పాను. "మార్తమ్మగారింటికాండీ? ఆయనగారు కువైట్ నుంచి వచ్చేక బాగా చిక్కిపోయేరండీ, పాపం. ఏం జబ్బో ఎవరికీ చెప్పలేదండీ." పిన్ని ఆస్పత్రికి ఎందుకు వెళ్లదో ఆ సీట్లోనే నాకు అర్థమైంది.

పనసాకు బుట్టల్లో ఉడికించే పొట్టిక్కలు పిన్ని చేసినట్టు ఇంకెవరూ చెయ్యరు. వాటిని తలుచుకుంటూనే వెళ్లాను. పిన్ని హోటల్ నుంచి తెప్పించి పెట్టింది. చుట్టాలకి బయటి తిండి పెట్టడమంటే ఒకప్పుడు నామోషీ పడిన మనిషి. "ఓపిక లేదమ్మా," అంది. నమ్మాను. పరీక్షకి ముందు ఏమీ తీసుకోకూడదు కాబట్టి తను కాఫీ కూడా ముట్టలేదు.

తర్వాత గదిలోకి వెళ్లాం. పెట్టెలోని పుల్లని చిగుళ్ల మీద పైనా కిందా రాసి, మందునీళ్ల గొట్టంలో నిలబెట్టాలి. ఇరవై నిమిషాలయ్యాక చూడాలి, నలభై దాటితే ఆ ఫలితాన్ని నమ్మకూడదు. ఒక గీతైతే లేనట్టు. రెండైతే ఆస్పత్రిలో రక్తపరీక్షతో ఖాయం చేసుకోవాలి. గొట్టాన్ని కుట్టుమిషను మీద ఉంచి ముందుగదిలోకి వచ్చాం. పగలు వీధి తలుపు వేసుంటే, ఏమైందోనని అందరూ వస్తారట.

తలుపు తీసున్నా వచ్చారు. ఇంటికి చుట్టం వస్తే చర్చి ఆడవాళ్లు వచ్చి ప్రార్థన చేసి వెళ్లడం అక్కడి మర్యాద. "ప్రయాణం బాగా జరిగిందాండీ? రెండు మాటలు ప్రార్థన చేసుకుందామండీ," అంది వాళ్లలో పెద్దావిడ. ఆ రెండు మాటల్లో నా ఉద్యోగం, నా పిల్లల చదువులు, ఊరి కాలవకి రావలసిన నీళ్లు అన్నీ వచ్చాయి. ఆవిడ ముగిస్తే ఇంకొకావిడ అందుకుంది. మోకాళ్ల మీద ఉన్నవాళ్ల మధ్యలోంచి లేచి వెళ్లడం నాకు చేతకాలేదు. కళ్లు తెరిచి గోడ గడియారం చూశాను. పిన్ని కూడా దాన్నే చూస్తోంది. మా ఇద్దరి కళ్ల ముందే టైము దాటిపోయింది.

వాళ్లు వెళ్లీ వెళ్లగానే గదిలోకి పరుగెత్తాం. ఒక గీత స్పష్టంగా ఉంది. రెండోది ఉందంటే ఉంది, లేదంటే లేదు.

"ఇది లెక్కలోకి రాదు పిన్నీ."

"మరి నా సంగతేంటమ్మా?"

ఇంకో పెట్టె లేదు. ఒక్కటే తెచ్చుకుని అంత దూరం ఎలా వెళ్లానో ఇప్పటికీ తెలియదు. అమలాపురం ఆస్పత్రికి వెళ్దాం, అక్కడ నిన్నెవరూ ఎరగరు అన్నాను. చాలాసేపటికి ఒప్పుకుంది.

సాయంత్రం నరసాపురంలో నా బండి కాబట్టి సామానుతోనే బయల్దేరాం. మధ్యాహ్నం రాజోలు బస్టాండులో అమలాపురం బస్సు దగ్గరికి వెళ్తే, పొద్దున్న వచ్చిన పెద్దావిడే ఎక్కుతోంది. "ఎక్కడికండీ మార్తమ్మగారూ?"

"మా అమ్మాయిని నరసాపురం బస్సెక్కిద్దామనండీ," అంది పిన్ని.

"ఆయ్, మంచిదండీ."

అన్నట్టే నన్ను నరసాపురం బస్సెక్కించింది. చీరలు కొనడానికి అమలాపురం వెళ్తున్నామంటే సరిపోయేది. ఆ చిన్న అబద్ధం నాకు వంతెన మీదికొచ్చాక తట్టింది.

సాయంత్రం బండి కదిలాక పిన్ని ఇచ్చిన సంచి విప్పాను. అందులోనూ ఆ హోటల్ పొట్లమే. అప్పుడు ఒక్కొక్కటీ గుర్తొచ్చాయి. పొద్దున్న నీళ్లు నన్నే ముంచుకోమంది. తన కంచం, గ్లాసు వేరే గూట్లో పెట్టుకుంది. ఓపిక లేక కాదు, తన చేత్తో నాకు తిండి పెట్టడానికి భయపడింది. ఏడాదిగా ఆ ఇంట్లో అలాగే బతుకుతోంది. గీతల గురించి అంత వివరంగా చెప్పిన నేను, వండి పెడితే ఆ జబ్బు అంటదన్న ఒక్క మాట చెప్పలేదు. తెలిసే ఉంటుందనుకున్నాను. నా మీద నాకే అసహ్యం వేసింది.

వెంటనే ఫోన్ చేశాను. వండినా తాకినా అంటదని, ఒకవేళ ఉన్నా మంచి మందులున్నాయని, వచ్చేవారం సెలవు పెట్టి వస్తానని చెప్పాను. అన్నింటికీ ఊఁ కొట్టింది.

"పొట్టిక్కలు తిన్నావా?" అని అడిగింది. "ఈసారి నువ్వొచ్చేసరికి పక్కింటావిడ చేత చేయిస్తాలే అమ్మా. ఇంటివే తిందువుగాని."